మష్రూమ్ కోరల్స్: చిన్న చేపలున్న ట్యాంక్‌కి ఏది మేలు?

ఉప్పునీటి ట్యాంకుల్లో పెంచే, పుట్టగొడుగులా కనిపించే పగడం లాంటి జీవి మష్రూమ్ కోరల్. అది చేపల్ని తింటుందా అని ఎవరైనా అడిగితే, ముందు అది ఏ మష్రూమో చూడాలంటాను. డిస్కోసోమా, రికార్డియా, రోడాక్టిస్, ఏనుగు చెవి అన్నీ ఒకే పేరుతో అమ్ముడవుతాయి. మొదటి రెండింటితో చేపలకు భయం లేదు. చివరిదానితో నిజంగా ఉంది. రోడాక్టిస్ విషయం దాని సైజుని బట్టి ఉంటుంది.

ఏనుగు చెవి గురించే ఎక్కువ చెప్పాలి. దీని శాస్త్రీయ నామం ఆంప్లెక్సిడిస్కస్ ఫెనెస్ట్రాఫర్. ఇండో పసిఫిక్ జలాల్లో పెరిగే ఈ జీవిని 1980లో డన్, హామ్నర్ అనే పరిశోధకులు కొత్త జాతిగా వర్ణించారు. పూర్తిగా విప్పారితే అడుగు వెడల్పు దాటుతుంది. పైభాగమంతా పొట్టి టెంటకిల్స్ (వేళ్లలాంటి మెత్తని పోగులు) ఉంటాయి కానీ, అంచుకు కాస్త లోపలగా అవి లేని నున్నటి పట్టీ ఒకటి చుట్టూ కనిపిస్తుంది. కొనేముందు వెతకాల్సిన ఆనవాలు అదే.

ఇది వేటాడే తీరు ఎనిమోన్ (పువ్వులా కనిపించే, కుట్టే సముద్ర జీవి) లాంటిది కాదు. ఎనిమోన్ తాకగానే కుట్టి, అంటుకుని పట్టేస్తుంది. ఏనుగు చెవి మీద చేప వాలినప్పుడు మొదట ఏమీ జరిగినట్టే ఉండదు. నొప్పి లేదు కాబట్టి చేప కదలదు. ఈలోగా అంచు చుట్టూ పైకి లేస్తుంది, లోపలికి వంగుతుంది, చివరికి ముడితాడు లాగిన సంచిలా మూతి బిగుసుకుంటుంది. అప్పుడు చేప కంగారుపడినా దారి ఉండదు. జీర్ణం ఆ సంచిలోనే మొదలవుతుంది.

అందుకే ఈదుతూ ఉండే చేపలకంటే ఒకచోట కూర్చునే చేపలకే ముప్పు ఎక్కువ. గోబీలు, చిన్న బ్లెన్నీలు, మాండరిన్‌లు ఈ లెక్కలోకి వస్తాయి. క్లౌన్ ఫిష్ గురించి మరీ జాగ్రత్తగా ఉండాలి. మామూలుగా ఎనిమోన్‌లో ఉండే ఈ చేప, ట్యాంక్‌లో ఎనిమోన్ లేకపోతే ఏనుగు చెవినే ఇల్లు చేసుకోవచ్చు. దాని ఒంటిమీది జిగురు ఎనిమోన్ కుట్టకుండా కాపాడుతుంది కానీ, చుట్టూ మూసుకునే గోడ నుంచి కాపాడలేదు. కొన్ని ట్యాంకుల్లో ఈ జంట చాలాకాలం బాగానే ఉంటుంది. ఆ మాట నమ్మి నా చేపనైతే నేను పందెం పెట్టను.

రోడాక్టిస్‌ కూడా ఆహారం మీదికి ముడుచుకుని చుట్టేసే రకమే. అరచేయంత లోపు ఉన్నంతవరకు ఆరోగ్యంగా తిరిగే చేపకు దీనివల్ల ఇబ్బంది ఉండదనే నా అభిప్రాయం. బాగా పెరిగిన వాటి పక్కన మాత్రం వేలెడంత గోబీని ఉంచకండి. బుడగలతో ఉబ్బి కనిపించే ఖరీదైన ‘బౌన్స్’ మష్రూమ్‌లు కూడా ఈ కుటుంబానివే.

డిస్కోసోమా చాలావరకు తనలోని ఆల్గే (సూక్ష్మమైన నాచు) తయారుచేసే ఆహారంతోనే బతుకుతుంది. తక్కువ వెలుతురు చాలు, కొత్తవాళ్ల చేతిలోనూ బాగా పెరుగుతుంది. దీనితో ఇబ్బంది చేపలకు కాదు, పక్కనున్న పగడాలకు. అడుగున రాయిని పట్టుకునే పాదం నుంచి చిన్న ముక్క రాయి మీద మిగిలినా కొత్తది మొలుస్తుంది. అలా రాయంతా ఆక్రమించి పొరుగువాటిని నలిపేస్తుంది. రికార్డియా ఇంత వేగంగా వ్యాపించదు. ఫ్లోరిడా రకం కరేబియన్‌ది, యూమా ఇండో పసిఫిక్‌ది. రెండూ చిన్నవే. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే చిన్న చేపలున్న ట్యాంక్‌కి రికార్డియానే ఎంచుకుంటాను. డిస్కోసోమాని తీసుకుంటే, మిగతా రాళ్లకు ఎడంగా ఇసుకలో విడి రాయి మీద పెట్టండి.

ఒక్క విషయంలో మష్రూమ్‌ల పక్షాన మాట్లాడాలి. పొద్దున్నే ఒక చేప కనిపించక, మష్రూమ్ ఉబ్బి మూసుకుని ఉంటే వెంటనే నేరం దానిమీద వేసేస్తాం. కానీ రోగంతో చచ్చి దానిమీద పడిన చేపనైనా అది అలాగే చుట్టేస్తుంది. ముందు నీటిని పరీక్షించండి, మిగతా చేపల ఒళ్లు, ఊపిరి ఎలా ఉన్నాయో చూడండి.

ఏనుగు చెవి అందం కాదనలేనిది. దానికోసమే ట్యాంక్ పెడితే ట్యాంగ్‌ల వంటి పెద్ద, ఎప్పుడూ ఈదే చేపల్ని జతచేయండి. అప్పుడప్పుడూ రొయ్య ముక్క మీరే నేరుగా అందించండి. ఇప్పటికే గోబీలతో కలిపి ఉంచినవాళ్లు, గోబీ రాత్రి ఎక్కడ పడుకుంటుందో గమనించి, ఆ చోటికి దూరంగా ఏనుగు చెవి ఉన్న రాయిని జరపండి. అంత జాగా లేకపోతే రెండింటిలో ఒకదానికి వేరే ట్యాంక్ చూడండి.