బీట్‌పోర్ట్, బ్యాండ్‌క్యాంప్ మన ఓరుగల్లు డీజేల చేతికి వస్తే

హన్మకొండ నుంచి గోదావరిఖని దాకా డీజేల మధ్య పాటలు తిరిగే దారి ఒక్కటే. ఒకరి పెన్‌డ్రైవ్ ఇంకొకరి లాప్‌టాప్‌లోకి, అక్కడి నుంచి వాట్సాప్ గ్రూపులోకి. తీన్మార్ మిక్సులకు, చాటల్ బ్యాండ్ ట్రాకులకు, జానపద రీమిక్సులకు ఈ దారి సరిపోతుంది. చేసినవాళ్లు పక్క ఊళ్లోనే ఉంటారు కాబట్టి అడిగితే అసలు ఫైలే దొరుకుతుంది. హౌస్, టెక్నో, ట్రాన్స్ లాంటి ఎలక్ట్రానిక్ డాన్స్ పాటల దగ్గరికి వచ్చేసరికే అంతా ఆగమాగం. ‘ట్రాక్ 07 ఫైనల్ న్యూ’ అని పేరున్న ఫైలు వస్తుంది. ఎవరిదో తెలియదు, ఏ వెర్షనో తెలియదు, మధ్యలో ఏదో యూట్యూబ్ చానల్ వాళ్ల వాయిస్ ట్యాగ్ కూడా పడుతుంది.

ఆ ఫైలు ఇయర్‌ఫోన్లో బాగానే ఉంటుంది. డీసీఎం బండి మీద డ్యూయల్ 18 బేస్ బాక్సులు, పైన టాపులు పెట్టి మోగిస్తే బండారం బయటపడుతుంది. కిక్ డ్రమ్ మొదటి దెబ్బ మెత్తబడుతుంది, హై-హ్యాట్ తాళం ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. లోటు పూడ్చుదామని మిక్సర్లో ట్రెబుల్ పెంచుతారు, అతిగా పెంచితే టాపు డయాఫ్రమ్ కాలిపోయే ప్రమాదం ఉంది. తప్పు బాక్సుది కాదు, ఫైలుది.

అందుకే ఈ రివ్యూ. పాటలు కొనే సైట్లలో డీజేలకు నిజంగా పనికొచ్చేవి రెండు, బీట్‌పోర్ట్, బ్యాండ్‌క్యాంప్. రెండింటి స్వభావం వేరు, ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనుకోవడానికి లేదు.

కొనే ముందు ఇప్పుడున్న కలెక్షన్‌ను పరీక్షించుకోండి. స్పెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లోకి ఫైలు లాగి వదిలితే స్పెక్ట్రమ్ గీస్తుంది. అసలైన 320 కేబీపీఎస్ ఎంపీ3 అయితే రంగు 20 కిలోహెర్ట్జ్ దాకా ఉంటుంది. 16 దగ్గర కత్తితో కోసినట్టు అడ్డంగా ఆగిపోతే అది 128 ఫైలును 320గా మార్చింది. సైజు పెరుగుతుంది, పోయిన శబ్దం తిరిగి రాదు. జర చూడాల్సింది ఒకటుంది. పాత టేపు రికార్డింగుల్లో పైభాగం సహజంగానే మెల్లగా పలచబడుతుంది, దాన్ని నకిలీ అనుకోవద్దు. తిన్నగా గీత గీసినట్టు తెగిందా లేదా అన్నదే గుర్తు.

బీట్‌పోర్ట్ 2004లో అమెరికాలోని డెన్వర్‌లో మొదలైంది. ఇది డీజేల కోసమే కట్టిన కొట్టు. ప్రతి ట్రాకు పక్కన బీపీఎం (నిమిషానికి ఎన్ని దెబ్బలు), కీ (పాట శ్రుతి), లేబుల్ (విడుదల చేసిన కంపెనీ), వెర్షన్ ఉంటాయి. జానర్ వారీగా టాప్ 100 ఉంటుంది. కొత్త పాటలు పట్టడానికి దీన్ని మించింది లేదు. అందులోనూ విలువైన ముక్క వెర్షన్ పేరు. రేడియో ఎడిట్ కొంటే డబ్బు వృథా, మొదటి సెకన్లోనే గొంతు మొదలై మిక్స్ చేయడానికి చోటుండదు. ఎక్స్‌టెండెడ్ మిక్స్ తీసుకోండి. బార్ అంటే నాలుగు దెబ్బలు, 128 బీపీఎంలో 32 బార్లంటే సరిగ్గా ఒక్క నిమిషం, 16 బార్లంటే అర నిమిషం. ముందు ఆ మాత్రం ఉత్త డ్రమ్స్ ఉంటేనే పాత పాట దించి కొత్తది ఎక్కించే తీరిక దొరుకుతుంది. ‘ఒరిజినల్ మిక్స్’ అని ఉంటే మాత్రం నిడివి చూడండి. ఆరేడు నిమిషాలుంటే క్లబ్ వెర్షనే, మూడున్నర ఉంటే కాదు.

లోపాలూ ఉన్నాయి. పాత పాటలకు అక్కడ కనిపించే తేదీ డిజిటల్‌గా మళ్లీ విడుదలైన తేదీ కావచ్చు. 1987 పాట 2010ల తర్వాతిదిగా కనిపించినా ఆశ్చర్యపోవద్దు. కీ మీద పూర్తి భరోసా పెట్టుకోకండి, యంత్రం లెక్కగట్టింది కాబట్టి అప్పుడప్పుడు తప్పుతుంది. కీలకు గడియారంలా అంకెలు వేసే క్యామెలాట్ పద్ధతిలో 8ఏ అంటే ఎ మైనర్, దాని పక్కవి 7ఏ, 9ఏ, బయటి వలయంలో 8బీ. ఆ లెక్కన కుదరాల్సిన రెండు పాటలు గొంతులు కలిసేచోట గీసుకుపోతుంటే చెవినే నమ్మండి. శబ్దం కుదించని డబ్ల్యూఏవీ, ఏఐఎఫ్ఎఫ్ ఫైళ్లు కావాలంటే ఎంపీ3 ధర మీద అదనంగా పడుతుంది. బరాత్‌లకు, కాలేజీ ఫెస్టులకు 320 ఎంపీ3 చాలు. నిమిషానికి 2.4 ఎంబీ లెక్కన ఏడు నిమిషాల పాట 17 ఎంబీలోపే. 32 జీబీ పెన్‌డ్రైవ్‌లో 1,500 పైనే పడతాయి.

బీట్‌పోర్ట్ స్ట్రీమింగ్ ప్లాన్ మన దగ్గర నెత్తికెత్తుకోవద్దు. ఇంట్లో కూర్చుని వినడానికి, ఏది కొనాలో తేల్చుకోవడానికి బాగుంటుంది. మేడారం జాతర రద్దీలో ఫోన్ కలవడమే గగనం, అక్కడ పాట మధ్యలో బఫర్ అయితే జనం ఊరుకుంటారా? పై ప్లాన్లలో నెట్ లేకుండా వినడానికి పాటలు దాచుకునే ఆఫ్‌లైన్ లాకర్ ఉంది కానీ చందా ఆగిన రోజు అందులోవి చేతిలో ఉండవు. పనికి తీసుకెళ్లేవి కొన్న ఫైళ్లే అయి ఉండాలి.

ఇక బ్యాండ్‌క్యాంప్. 2008 నుంచి నడుస్తోంది. కళాకారులు, చిన్న లేబుళ్లు నేరుగా అమ్ముకునే చోటు. డిజిటల్ అమ్మకంలో సైటు వాటా మామూలుగా 15 శాతం, మిగిలినదాంట్లో చెల్లింపుల ఖర్చులు పోగా పాట చేసినవాళ్లకు అందుతుంది. ఒకసారి కొంటే ఎంపీ3, ఫ్లాక్ (నాణ్యత తగ్గకుండా కుదించిన ఫైలు), ఏఐఎఫ్ఎఫ్, డబ్ల్యూఏవీ ఏదైనా అదే ధరకు, ఎన్నిసార్లయినా దించుకోవచ్చు. లాప్‌టాప్ పోయినా ఖాతా ఉంటే కలెక్షన్ ఉన్నట్టే. ‘మీకు తోచినంత ఇవ్వండి’ అన్న పాటలూ చాలా ఉంటాయి, సున్నా వేసినా ఇస్తారు. నచ్చిందా, ఒక డాలరైనా వేయండి.

ఇక్కడ బీపీఎం లేదు, కీ లేదు, డీజే చార్ట్ లేదు. వెతకడం అంటే ట్యాగుల వెంట నడవడమే. ఒక లేబుల్ నచ్చితే దాన్ని ఫాలో కొట్టండి, దాని పాటలు కొన్నవాళ్ల కలెక్షన్లు తెరిచి చూడండి. మంచి పాటలు దొరికేది ఆ పక్కసందుల్లోనే. పెద్ద కంపెనీల పాత హిట్లు మాత్రం ఇక్కడ వెతికి లాభం లేదు.

బ్యాండ్‌క్యాంప్ విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది ఫార్మాట్ దగ్గర. నాణ్యత ఎక్కువని డబ్ల్యూఏవీ దించుతారు. లాప్‌టాప్‌లో మోగుతుంది. ఫంక్షన్ హాల్లో అద్దెకు తెచ్చిన పాత సీడీజే ప్లేయర్లో పెడితే ఈ-8305 అని ఎర్రర్ కొట్టి పాట ఎత్తదు. ఫైలు చెడిపోలేదు. 24 బిట్ డబ్ల్యూఏవీల్లో కొన్నింటి హెడర్‌లో ఎక్స్‌టెన్సిబుల్ అన్న రకం గుర్తు ఉంటుంది, పాత ప్లేయర్లు దాన్ని గుర్తుపట్టవు. 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లతోనూ ఇదే లొల్లి. ఫ్లాక్ కూడా పాత ప్లేయర్లు కొన్ని చదవవు. ఏఐఎఫ్ఎఫ్ దించుకుని, 44.1 కిలోహెర్ట్జ్ కాకపోతే ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో మార్చుకోండి. దించిన ఏఐఎఫ్ఎఫ్‌లో ట్యాగులు, కవర్ బొమ్మ కూడా ఉంటాయి, ఆడాసిటీలో మార్చితే మాత్రం కవర్ బొమ్మ పోవచ్చు. పెన్‌డ్రైవ్‌ను ఎఫ్ఏటీ32లో ఫార్మాట్ చేసి ఉంచండి. ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌ను ఆ ప్లేయర్లు అసలు చూడవు.

పాతవాటి సంగతికి వద్దాం. రెండు సైట్ల అసలు విలువ తెలిసేది వెర్షన్ల చిక్కు ఉన్న పాటల్లోనే.

డోనా సమ్మర్ ‘ఐ ఫీల్ లవ్’ 1977 నాటిది. జార్జియో మోరోడర్ మూగ్ సింథసైజర్‌తో కట్టిన బేస్ లైన్ అది. బేస్ ఎడమ చానల్లో ఉంటుంది, కాస్త ఆలస్యంగా వచ్చే దాని డిలే దెబ్బ కుడి చానల్లో. రెండూ కలిసినప్పుడే ఆ గుర్రపు పరుగు వినిపిస్తుంది. మన డీజే బండ్లలో చాలావరకు మిక్సర్ లెఫ్ట్ అవుట్ ఒక్కటే తీసి ఆంప్లిఫయర్లన్నింటికీ పంచుతారు. అట్ల పెడితే ఈ పాటలో సగం బేస్ మాయమవుతుంది, పాట నీరసంగా ఉందని తీసేస్తారు. మిక్సర్‌లో మాస్టర్‌ను మోనోకి మార్చి అప్పుడు లెఫ్ట్ తీయండి. ఆ స్విచ్ లేకపోతే రెకార్డ్‌బాక్స్ లాంటి సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో మోనో ఉందేమో చూడండి. ఈ ఒక్క మార్పుతో మిగతా పాటల్లో కూడా పోయిన శబ్దాలు తిరిగొస్తాయి.

ఇదే పాటకు ప్యాట్రిక్ కౌలీ చేసిన పావుగంటకు పైబడిన మిక్స్ ఉంది. 1978లో అనుమతి లేకుండా చేసింది, డీజేల మధ్యనే తిరిగింది, 1982లో కానీ అధికారికంగా మార్కెట్లోకి రాలేదు. కొనేటప్పుడు నిడివి చూస్తే ఏది ఏదో తెలుస్తుంది.

షికాగో బృందం ఫ్యూచర్ ‘యాసిడ్ ట్రాక్స్’ 1987లో రికార్డుగా రాకముందే అక్కడి క్లబ్‌లో రాన్ హార్డీ టేపు మీద మోగించేవాడు. టీబీ-303 అనే చిన్న బేస్ యంత్రం గుండీలు తిప్పుతూ చేసిన పాట అది. మన దేశంవాళ్లలో చరణ్‌జీత్ సింగ్ అదే టీబీ-303ను, టీఆర్-808 డ్రమ్ మెషీన్‌ను పెట్టి రాగాలను డిస్కో దెబ్బ మీద వాయించింది 1982లో. ఐదేళ్ల ముందు! ఈ రెండూ పక్కపక్కన వినని డీజే ఉండకూడదు.

డెరిక్ మే ‘స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్’ కూడా 1987దే. రిథిమ్ ఈజ్ రిథిమ్ పేరుతో ట్రాన్స్‌మ్యాట్ లేబుల్ మీద వచ్చింది. వెతికితే రీమేకులు బోలెడు పడతాయి, లేబుల్ పేరు చూసి కొనండి. ఇందులో బేస్ లైన్ లేదు. దించే పాటలోని బేస్‌ను కింద నడవనిచ్చి, ఇందులోని పియానోను పైన ఎక్కిస్తే రెండూ ఒకే పాటలా కుదురుతాయి. ముందు పాటను పూర్తిగా తీసేస్తే బేస్ బాక్సులు ఖాళీగా ఉన్నట్టు అనిపిస్తుంది.

కొత్తవాటిలో రెండు. బైసెప్ ‘గ్లూ’, 2017, 130 బీపీఎం. డ్రమ్స్ తిన్నగా నడవవు, విరిగి విరిగి పడతాయి, కాబట్టి ముందు పాట కిక్‌ను ఇంకో 16 బార్లు కొనసాగించండి. స్క్రిలెక్స్, ఫ్రెడ్ అగైన్, ఫ్లోడాన్ చేసిన ‘రంబుల్’, 2023, 140 బీపీఎం. సాఫ్ట్‌వేర్ దీన్ని 70గా చదివితే రెట్టింపు చేసుకోండి. బేస్ చాలా లోతుకు దిగుతుంది. బేస్‌ను వేరు చేసే క్రాస్ఓవర్‌లో 30, 35 హెర్ట్జ్ దగ్గర అంతకన్నా లోతైన శబ్దాన్ని కోసే హై-పాస్ లేకపోతే స్పీకర్ కోన్ అదుపు తప్పి కొట్టుకుంటుంది, జనరేటర్ మీద లోడు కూడా ఊగుతుంది.

తీన్మార్ నుంచి వీటిలోకి ఎట్ల రావాలన్నది మన దగ్గరే పుట్టే ప్రశ్న. తీన్మార్ ఊపు మూడు మూడుగా నడుస్తుంది, హౌస్ తిన్నగా నాలుగు దెబ్బలు. బీపీఎం ఒకటే చేసి రెండింటినీ అర నిమిషం కలిపి నడిపితే గుర్రాల గుంపు తొక్కిసలాటలా ఉంటుంది. తీన్మార్ ఫ్రేజ్ ముగిసే దెబ్బ మీద ఎకో వేసి దించండి, కొత్త పాటను డ్రమ్స్ లేని చోటు నుంచి ఎత్తండి.

పంచుకోవడం గురించి చెప్పకుండా ఈ రివ్యూ పూర్తి కాదు. కొన్న ఫైలు కొన్నవారి వాడకానికే, గ్రూపులో వేయడానికి హక్కు లేదు. పంచాల్సింది లింకు, దాంతోపాటు ఒక్క లైన్ నోట్. ఇట్ల: ‘బైసెప్, గ్లూ, ఒరిజినల్, 2017, 130, బ్రేక్‌బీట్, ముందు పాట కిక్ ఆపొద్దు’. ఫైలుకన్నా ఈ లైనుకే విలువెక్కువ. బీట్‌పోర్ట్‌లో ప్లేలిస్ట్ కట్టి లింకు పంపొచ్చు. బ్యాండ్‌క్యాంప్‌లో మీ కలెక్షన్ పేజీయే మీ చిట్టా, నచ్చిన తమ్ముడికి పాటను గిఫ్ట్‌గా కొని పంపే వీలు కూడా ఉంది. మీరు సొంతంగా చేసిన తీన్మార్ మిక్స్ పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, ఫైలు పేరు చెదరదు. పేరులోనే బీపీఎం, వెర్షన్ రాయండి. ఒకటి గుర్తుంచుకోండి. రెకార్డ్‌బాక్స్‌లో పెట్టిన హాట్ క్యూలు (నొక్కగానే పాటలో ఆ చోటికి దూకే గుర్తులు) పాట ఫైలులో ఉండవు, దాని డేటాబేస్‌లో ఉంటాయి. ఎంపీ3 ఒక్కటే కాపీ చేస్తే క్యూలు రావు. పాటలు ఇద్దరూ కొనుక్కుని ఉంటే రెకార్డ్‌బాక్స్ కలెక్షన్‌ను ఎక్స్‌ఎంఎల్ ఫైలుగా ఎగుమతి చేసి ఇవ్వొచ్చు, అవతలివాళ్లు ఫైళ్ల దారి మాత్రం సరిచేసుకోవాలి.

డబ్బు కట్టడానికి డెబిట్ లేదా క్రెడిట్ కార్డు, పేపాల్ సిద్ధం చేసుకోండి. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ నిబంధన వల్ల కొత్త కార్డుల్లో విదేశీ చెల్లింపులు మూసే ఉంటాయి. బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ ఆన్ చేసి, పరిమితి తక్కువగా పెట్టి, కొన్నాక మళ్లీ ఆఫ్ చేయండి. డాలర్ ధర మీద బ్యాంకు మార్కప్, దాని మీద జీఎస్టీ పడతాయి, కాబట్టి ఒక్కొక్కటి కాకుండా నెలకోసారి పదేసి కార్ట్‌లో వేసి, రెండోసారి విన్నాక కూడా నిలిచినవే కొనండి.

బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే అని ప్రకటించే శుక్రవారాల్లో సైటు తన వాటా వదులుకుంటుంది, కొనుగోళ్లు ఆ రోజుకు దాచుకుంటే పాట చేసినవాళ్లకు మేలు. లెక్క అమెరికా పసిఫిక్ సమయం ప్రకారం. అక్కడి వేసవి గడియారం నడిచే నెలల్లో మనకు శుక్రవారం మధ్యాహ్నం 12:30 నుంచి శనివారం 12:30 దాకా, చలికాలంలో 1:30 నుంచి 1:30 దాకా.