నాలుగు గళ్ళ డైరీ: ప్రార్థన, కృతజ్ఞత, దానం, పని ఒకే పేజీలో

రోజుకో పేజీ. పైన ప్రార్థనకో ధ్యానానికో రెండు గీతలు. దాని కింద 1 నుంచి 5 దాకా అంకెలు వేసిన కృతజ్ఞతల గడి. ఆ కింద ‘ఈ రోజు నేను చేసిన మంచి పని’, అడుగున ‘ఈ రోజు మూడు ముఖ్యమైన పనులు’. ఏడు రోజులకొకసారి వారపు సమీక్ష పేజీ. 90 రోజుల కృతజ్ఞతా డైరీలు చాలావరకు ఈ నమూనాలోనే వస్తున్నాయి. అట్ట మారుతుంది, రంగు మారుతుంది, లోపలి పేజీ మాత్రం పెద్దగా మారదు. అందుకే ఒక బ్రాండును పట్టుకోకుండా ఈ నమూనానే పరిశీలిస్తున్నాను.

కొనదగ్గ వస్తువే. కానీ అచ్చయిన సూచనల్ని అక్షరాలా పాటిస్తే చాలామందికి మూడో వారానికి విసుగు వస్తుంది. లోపం రాసేవాళ్ళ శ్రద్ధలో లేదు, పేజీ అడిగే ప్రశ్నల్లో ఉంది. ఈ డైరీ అన్నిచోట్లా ‘ఏమిటి, ఎన్ని’ అని అడుగుతుంది. ‘ఎవరివల్ల, ఎవరికోసం’ అని ఎక్కడా అడగదు. కృతజ్ఞతకైనా దానానికైనా పనికైనా అవతల ఒక మనిషి ఉంటేనే అర్థం. ఆ మనిషికి పేజీలో చోటు లేకపోవడమే ఈ నమూనాలో పెద్ద లోటు.

ఐదు అంకెల గడి సంగతి ముందు చూద్దాం. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లా 2003లో ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులను కృతజ్ఞత కలిగించిన విషయాలు ఐదు దాకా రాయమన్నారు. అయితే అది వారానికి ఒకసారి, పది వారాల పాటు. చికాకులు రాసినవాళ్ళ కంటే వీళ్ళు తమ జీవితం గురించి మెరుగ్గా అనుకున్నారు, రాబోయే వారం మీద ఎక్కువ ఆశతో ఉన్నారు. అదే పరిశోధనలో నాడీకండర వ్యాధులున్నవాళ్ళు 21 రోజులు రోజూ రాశారు. వాళ్ళకూ మేలు కనిపించింది, నిద్ర కూడా మెరుగుపడింది. సోన్యా ల్యుబొమిర్‌స్కీ బృందం 2005లో వివరించిన ఆరు వారాల ప్రయోగంలో మాత్రం వారానికి ఒకసారి రాసినవాళ్ళకే సంతోషం పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్ళకు పెరగలేదు. ఇవన్నీ కలిపి చూస్తే, మొదటి మూడు వారాలు రోజూ రాయవచ్చు, ఆ తర్వాత వారానికి ఒకసారి చాలు అన్నది నా అంచనా. డైరీ మాత్రం 90 రోజులూ రోజుకు ఐదేసి, అంటే 450 పద్దులు అడుగుతోంది. అన్ని ఎవరికీ దొరకవు. రెండో వారం దాటేసరికి ‘ఆరోగ్యం, కుటుంబం, ఇల్లు’ అన్న మాటలే మళ్ళీ మళ్ళీ వస్తాయి. గీత ఖాళీగా ఉంచడం ఇష్టం లేక రాసిన మాటలు అవి. చెయ్యి రాస్తుంది, మనసు అందులో ఉండదు.

మరమ్మతు సులువే. ఐదు అంకెలనూ ఒకే గడిగా భావించి ఒక్క విషయం రాయాలి, నాలుగు వాక్యాల్లో: ఏం జరిగింది, ఎవరివల్ల జరిగింది, అందుకు వాళ్ళకు ఏం ఖర్చయింది (సమయమో నిద్రో డబ్బో), వాళ్ళు చేయకపోతే ఏమయ్యేది. ‘సహోద్యోగి సాయం చేశాడు’ అని రాస్తే అందులో పట్టుకోవడానికి ఏమీ లేదు. ‘నివేదికలో మూడో పట్టిక మొత్తాలు తప్పని అతనే కనిపెట్టాడు, తన పని ఆపి అరగంట పక్కన కూర్చున్నాడు, అది అలాగే వెళ్ళుంటే రెండు రోజుల పని తిరగదోడాల్సి వచ్చేది’ అని రాస్తే, ఆర్నెల్ల తర్వాత చదివినా ఆ అరగంట విలువ తెలుస్తుంది. మార్టిన్ సెలిగ్మన్ బృందం 2005లో పరీక్షించిన పద్ధతిలోనూ కారణం రాయడం ఒక భాగం: వారం పాటు ప్రతి రాత్రీ బాగా జరిగిన మూడు విషయాలు, ఒక్కోటి ఎందుకు జరిగిందో. దాని ప్రభావం ఆర్నెల్ల తర్వాత కూడా కనిపించింది. చాలా డైరీల్లో విషయాల జాబితా మిగిలింది, ‘ఎందుకు’ జారిపోయింది.

నాలుగో వాక్యానికీ, అంటే ‘వాళ్ళు చేయకపోతే ఏమయ్యేది’ అన్నదానికీ, ఆధారం ఉంది. 2008లో మింక్యుంగ్ కూ, సారా ఆల్గో, టిమొతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ ప్రచురించిన ప్రయోగాల్లో, తమకు జరిగిన ఒక మంచి అసలు జరగకుండా ఎలా పోయేదో రాసినవాళ్ళకు, అది ఎలా జరిగిందో రాసినవాళ్ళ కంటే మనసు తేలికైంది. అలవాటైపోయిన మేలును మళ్ళీ కొత్తగా చూపించే ఉపాయం ఇది. నెలకోసారి వెనకాల ఖాళీ పేజీలో ఒక పెద్ద విషయం తీసుకుని ఇలా రాస్తే చాలు, రోజూ అక్కర్లేదు.

డైరీలో అసలు లేని పేజీ ఒకటుంది: రాసిన కృతజ్ఞతను ఆ మనిషికి చేర్చే పేజీ. సెలిగ్మన్ బృందం పరీక్షించిన వాటిలో, మేలు చేసినా ఎప్పుడూ సరిగా ధన్యవాదాలు అందుకోని మనిషికి ఉత్తరం రాసి, స్వయంగా వెళ్ళి ఇవ్వడం కూడా ఉంది. వెంటనే కనిపించిన మార్పు అన్నిటికన్నా దీనిలోనే ఎక్కువ. నెల దాకా నిలిచి తర్వాత తగ్గిపోయింది, కాబట్టి ఏడాదికోసారి చేసి ఊరుకుంటే సరిపోదు. వారపు సమీక్ష పేజీలో ‘ఈ వారం ఎవరికి చెప్పాలి, ఎప్పుడు చెప్పాను’ అని రెండు గీతలు మీరే గీసుకోండి.

అట్ట వెనక కొన్ని డైరీలు ఇచ్చే హామీలను నమ్మి కుంగుబాటుకు ఇదే మందు అనుకోవద్దు. తర్వాత వచ్చిన సమీక్షల్లో కృతజ్ఞత రాయడం వల్ల కలిగే ప్రభావం చిన్నదేనని తేలింది. కుంగుబాటు ఉన్నవాళ్ళకు వైద్యం కావాలి, డైరీ దానికి తోడుగా ఉంటే ఉండొచ్చు. మనిషి పోయిన ఇంట్లోనూ, హింసను భరిస్తున్న మనిషి చేతికీ ఈ ఐదు గీతలు ఇచ్చి నింపమనడం కఠినం. అలాంటి రోజుల్లో గడి ఖాళీగా వదలడమే సరైన వాడకం.

ఆ ఖాళీని భరించగల చోటు ప్రార్థన గడి. కానీ దానికి రెండే గీతలు ఇచ్చారు, పైన ఒక సూక్తి అచ్చేసి ఇంకో రెండు సెంటీమీటర్లు తినేశారు. విశ్వాసం ఉన్నవాళ్ళు దేవుడితో కృతజ్ఞత ఒక్కటే చెప్పుకోరు, మొర కూడా పెట్టుకుంటారు. బైబిల్ కీర్తనల్లో మొరపెట్టుకునేవి ఎన్నో ఉన్నాయి. ఇక్కడ పనికొచ్చే క్రమం 16వ శతాబ్దంలో క్రైస్తవ సాధువు ఇగ్నేషియస్ లొయోలా నేర్పిన రోజువారీ ఆత్మపరిశీలన. అందులో ఐదు మెట్లు: అందిన మేళ్ళకు కృతజ్ఞత, స్పష్టంగా చూసే కృప కోసం వేడుకోలు, పొద్దున లేచిన దగ్గర నుంచి గంట గంటా గుర్తు చేసుకోవడం, తప్పులకు క్షమాపణ, రేపటికి ఒక తీర్మానం. పావుగంట పడుతుంది. కృతజ్ఞత మొదట రావడం గమనించండి: మేలును చూశాక తప్పును చూడటం మనిషికి తేలిక. ఏ మతంవాళ్ళయినా, మతం లేనివాళ్ళయినా సంబోధన మార్చుకుని ఈ క్రమాన్ని వాడుకోవచ్చు. పేజీలో ఇమడదు కనుక ఒక్కో మెట్టుకు ఒక్కో వాక్యం, మార్జిన్‌లో 1 నుంచి 5 అంకెలు వేసుకుంటే సరి.

దానం గడి ఈ డైరీలో అన్నిటికంటే బలహీనం. ‘మంచి పని చేశాను’ పక్కన టిక్కు పెట్టే గడి ఉంటుంది. అది రోజురోజుకీ సొంత పుణ్యం లెక్కపుస్తకంగా మారుతుంది. ఎవరికి అందింది, వాళ్ళకు అదే కావాలా అన్న ప్రశ్న రాదు. భగవద్గీత 17వ అధ్యాయం 20వ శ్లోకం దానానికి పెట్టిన షరతులు చూడండి: ఇవ్వాలి కనుక ఇవ్వడం, తిరిగి ఉపకారం చేయలేని మనిషికి, తగిన చోట, తగిన వేళ, తగిన పాత్రకు. 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్ దానాన్ని ఎనిమిది మెట్లుగా వర్గీకరించాడు. అయిష్టంగా ఇవ్వడం అట్టడుగున ఉంటుంది. అవతలి మనిషి ఇంకెప్పుడూ చెయ్యి చాచే అవసరం రాకుండా అప్పో భాగస్వామ్యమో పనో ఇవ్వడం పైమెట్టు. టిక్కు గడికి ఈ తేడాలు కనపడవు.

టిక్కును కొట్టేసి నాలుగు నిలువు గీతలు గీయండి: ఎవరికి, ఏమిటి (డబ్బు, సమయం, నైపుణ్యం), మాట ఇచ్చిన తేదీ, చేర్చిన తేదీ. దానంలో తరచుగా తప్పేది చివరి రెండు తేదీల మధ్యనే. ఇస్తానన్న పుస్తకం, చూస్తానన్న దరఖాస్తు, వస్తానన్న ఆదివారం మాటగానే మిగిలిపోతాయి, అవతల ఒకరు ఎదురుచూస్తుంటారు. డబ్బు విషయంలో రోజూ ఆలోచించడం కంటే ఆదాయం చేతికి రాగానే వంతు తీసి పక్కన పెట్టడం మేలు. ఇస్లాంలో తప్పనిసరి దానమైన జకాత్‌కు నిర్ణీత పరిమితి దాటి ఒక చాంద్రమాన సంవత్సరం నిలిచిన సొమ్ములో 2.5 శాతం; సిక్కుల దానపు వంతైన దస్వంధ్‌కూ, బైబిల్ దశమ భాగానికీ పదో వంతు. శాతం మీరే నిర్ణయించుకోండి, కానీ ముందే నిర్ణయించుకోండి. మొత్తం చిన్నదని సిగ్గుపడనక్కర్లేదు. ఎలిజబెత్ డన్, లారా అక్నిన్, మైఖేల్ నార్టన్ 2008లో ప్రచురించిన ప్రయోగంలో కొందరికి 5, కొందరికి 20 డాలర్లు ఇచ్చి సాయంత్రం 5 లోపు ఖర్చు చేయమన్నారు. ఇతరుల మీద ఖర్చు చేసినవాళ్ళు తమ మీద ఖర్చు చేసుకున్నవాళ్ళ కంటే సంతోషంగా కనిపించారు, ఐదా ఇరవయ్యా అన్నది తేడా తేలేదు.

పని గడికి ఉన్న అవకాశం ఎక్కువ, దక్కిన ఆలోచన తక్కువ. ‘మూడు ముఖ్యమైన పనులు’ అంటే మామూలు పనుల జాబితా, దానికి ఫోన్ చాలు. ఇక్కడ కావలసిన ప్రశ్న ‘ఈ పని చివరికి ఎవరికి చేరుతుంది’ అన్నది. ఆడమ్ గ్రాంట్ బృందం 2007లో ప్రచురించిన ప్రయోగంలో, విశ్వవిద్యాలయానికి ఫోన్లో విరాళాలు అడిగే ఉద్యోగులు ఆ విరాళాలతో చదువుకుంటున్న ఒక విద్యార్థితో ఐదు నిమిషాలు మాట్లాడారు. నెల తర్వాత చూస్తే వాళ్ళు ఫోన్లో గడిపే సమయమూ, తెచ్చే సొమ్మూ రెండింతలు దాటాయి. కాబట్టి వారపు పేజీలో మీ పనిని వాడుకునే ఒక్క మనిషి పేరు రాయండి, వీలైతే ఆ మనిషిని ఒక ప్రశ్న అడగండి, జవాబు అతని మాటల్లోనే రాసుకోండి. పక్కనే పని ఆపిన వేళ కూడా రాయాలి. స్టువర్ట్ బండర్సన్, జెఫ్రీ థాంప్సన్ 2009లో జూ సంరక్షకుల మీద చేసిన అధ్యయనంలో, పనిని దైవపిలుపులా భావించినవాళ్ళు సొంత సమయాన్ని, సౌకర్యాన్ని వదులుకోవడానికి ఎక్కువ సిద్ధపడ్డారు. యజమాని దాన్ని వాడుకునే ప్రమాదమూ ఉందని తేలింది. పని మీద ప్రేమ ఉన్నవాళ్ళకే పని ఆపిన వేళ రాసే గీత ఎక్కువ అవసరం.

ఇక వస్తువుగా చూస్తే. ఏ5 పేజీ 148 × 210 మిల్లీమీటర్లు. మార్జిన్లు పోను నాలుగు గళ్ళకు తలా నాలుగున్నర సెంటీమీటర్లు కూడా మిగలదు. గీతల మధ్య ఎడం 6 మిల్లీమీటర్లే ఉంటే తెలుగు రాయడం కష్టం: పై గీతలో వత్తులు కింద గీతలోని గుడులకు తగులుతాయి, ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటలు ముద్దగా కనిపిస్తాయి. 8 మిల్లీమీటర్లకు తక్కువ కొనకండి, 9 ఉంటే హాయి. కాగితం 80 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) అయితే బాల్ పెన్నుకు, జెల్ పెన్నుకు సరిపోతుంది. సిరా పెన్ను వాడేవాళ్ళు 100 చూసుకోవాలి, లేకపోతే వెనక పేజీకి దిగుతుంది. డైరీని మధ్యలో తెరిచి చూడండి. మడత లోపల దారం కనిపిస్తే కుట్టు బైండింగ్, బల్ల మీద పూర్తిగా పరుచుకుంటుంది. జిగురు బైండింగైతే ఒక చేత్తో నొక్కి పట్టుకుని రాయాలి, కొన్నాళ్ళకు వెన్ను పగిలి పేజీలు ఊడతాయి. తేదీలు అచ్చేసినది వద్దు, తప్పిన వారం ఖాళీ పేజీలుగా కళ్ళ ముందు ఉండి, మళ్ళీ మొదలుపెట్టనివ్వదు.

ఐదుకు మూడు ఇస్తాను. ఆ మూడూ వారపు సమీక్ష పేజీకీ, నాలుగు విషయాలను ఒకచోటికి తెచ్చిన ఆలోచనకూ. అలవాటు లేనివాళ్ళకు మొదటి మూడు వారాలు గళ్ళ పేజీ ఊతమిస్తుంది. అప్పటికే రాసే అలవాటున్నవాళ్ళు 8 మిల్లీమీటర్ల గీతలున్న సాదా నోట్‌బుక్ తీసుకోవచ్చు: వారానికి రెండు ఎదురెదురు పేజీలు, ఎడమవైపు కృతజ్ఞతా ప్రార్థనా, కుడివైపు దానం నాలుగు గీతలూ పని ఎవరికి చేరిందో. ఏడాదికి 104 పేజీలు, ‘జరగకపోతే ఏమయ్యేది’ అని నెలకోసారి రాసేందుకు చివర్లో ఇంకో 12.