ఫోర్ట్‌వర్త్‌లో కౌబాయ్ బూట్లు, టోపీలు: ఎక్కడ కొనాలి, ఎక్కడ బస చేయాలి

టెక్సస్‌లో కౌబాయ్ బూట్లు, టోపీలు దొరకని ఊరు అరుదు. మన తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉండే ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనో ప్రాంతాల్లోనే పెద్ద దుకాణాలు ఉన్నాయి. కదలకుండా ఆన్‌లైన్‌లో తెప్పించుకునే వీలూ ఉంది. అయినప్పటికీ గుంటూరు నుంచి వచ్చిన మా అన్నయ్య, వదిన వాటిని కొనాలని అనుకున్నప్పుడు నేను వారిని ఫోర్ట్‌వర్త్‌లోని స్టాక్‌యార్డ్స్‌కే (ఒకప్పుడు పశువుల సంత జరిగిన పాత పేట) తీసుకువెళ్లాను. ఈ రెండు వస్తువులకు మనం పెట్టే డబ్బు తోలుకూ ఫెల్ట్‌కూ (ఉన్నినో బొచ్చునో ఒత్తి చేసే టోపీ గుడ్డ) ఎంత చెల్లుతుందో, పాదాన్ని చేత్తో పట్టి చూసి తగిన బూటు ఎంచి ఇచ్చే మనిషికీ, టోపీకి ఆవిరి పట్టి మన తలకు సరిపోయేలా మలిచే పనివాడికీ అంతే చెల్లుతుందని నా నమ్మకం. ఆ పని క్షుణ్ణంగా తెలిసినవారు నాకు ఎక్కువగా కనిపించింది ఫోర్ట్‌వర్త్‌లోనే.

ఇందుకు ఆ ఊరి చరిత్రే కారణం. పందొమ్మిదో శతాబ్దంలో టెక్సస్ పశువుల మందలను ఉత్తరాన కాన్సస్ రైల్వే స్టేషన్లకు తోలుకుపోయే చిజమ్ బాట మీద ఫోర్ట్‌వర్త్ ముఖ్యమైన మజిలీగా ఉండేది. 1876లో రైలు నేరుగా ఫోర్ట్‌వర్త్‌కే వచ్చింది. ఆ తరువాత ఆర్మర్, స్విఫ్ట్ అనే రెండు పెద్ద మాంసం కంపెనీలు అక్కడ కర్మాగారాలు కట్టడంతో పశువుల సంత దేశంలోనే పేరున్న సంతల్లో ఒకటైంది. ఇటుకలు పరిచిన వీధులు, చెక్క దొడ్లు, 1902 నాటి లైవ్‌స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. రోజూ ఉదయం 11:30కి, సాయంత్రం 4 గంటలకు పొడవాటి కొమ్ముల లాంగ్‌హార్న్ పశువులను గుర్రాల మీది కాపరులు వీధి వెంట నడిపిస్తారు. ఇది యాత్రికుల కోసం జరిపే ప్రదర్శనే అయినా, ఆ కాపరుల కాళ్లకు, తలలకు ఉన్నవాటిని గమనించాక దుకాణంలోకి అడుగుపెడితే ఏది దేనికోసమో సులువుగా అర్థమవుతుంది. అందుచేత ముందు ఆ మందను చూసి, తరువాతే కొనుగోలుకు వెళ్లమని నా సలహా. శని, ఆదివారాల్లో జనం కిక్కిరిసి ఉంటారు, పార్కింగ్‌కు బాగానే వసూలు చేస్తారు, దుకాణంలోని పనివారికి మన పాదాల మీద శ్రద్ధ పెట్టే తీరిక ఉండదు. పనిదినాల్లో ఉదయం వెళ్లి, 11:30కి మందను చూసి, మధ్యాహ్నం దుకాణాలకు వెళ్లడం అన్ని విధాలా మేలు. డాలస్-ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం నుంచి టెక్స్‌రైల్ అనే రైలు నడుస్తుంది. నార్త్ సైడ్ స్టేషన్‌లో దిగితే స్టాక్‌యార్డ్స్ సుమారు మైలు దూరం.

అక్కడి దుకాణాలు అన్నీ ఒక తరహావి కావు. ఎక్స్ఛేంజ్ అవెన్యూలో జ్ఞాపికలు అమ్మే కొట్లలోని టోపీలు ఫోటోలకు పనికొస్తాయి గానీ ఒక్క వాన పడితే అంచులు వేలాడిపోతాయి. రెండో తరహా, 1965లో తూర్పు టెక్సస్‌లోని పిట్స్‌బర్గ్‌లో మొదలైన కావెండర్స్, 1978లో కాలిఫోర్నియాలో మొదలైన బూట్ బార్న్ వంటి గొలుసు దుకాణాలు. వీటిలో సైజులు విస్తారంగా దొరుకుతాయి, ధరల్లో పోటీ ఉంటుంది, పిల్లలకు కొనడానికి ఇవే అనువైనవి. ఎదిగే కాళ్లకు వందల డాలర్ల బూట్లు అనవసరం. మూడో తరహా, తరాలుగా చేతిపని నమ్ముకున్న పాత దుకాణాలు. 1922లో బ్రేడీ అనే చిన్న ఊరిలో మొదలైన ఎం.ఎల్. లెడ్డీస్ వాటిలో ముఖ్యమైనది. నార్త్ మెయిన్ వీధి మూలన వెలిగే బూటు ఆకారపు నియాన్ గుర్తు దూరం నుంచే కనిపిస్తుంది. కొలత ఇస్తే బూట్లు చేతితో కుట్టి ఇస్తారు. అందుకు నెలల తరబడి ఆగాలి, ధర వేయి డాలర్లు దాటుతుంది. మాకు అంత వ్యవధి లేదు కాబట్టి అక్కడ పనితనం చూసి, సిద్ధంగా ఉన్న జతల కోసం వేరే దుకాణానికి వెళ్లాము.

సిద్ధంగా ఉన్న జతల్లోనూ నాణ్యమైనవి ఉన్నాయి. 1879లో రెడ్ నది ఒడ్డున స్పానిష్ ఫోర్ట్ అనే ఊళ్లో హెచ్.జె. జస్టిన్ మందలు తోలేవారికి బూట్లు కుట్టడం మొదలుపెట్టాడు. ఆ కంపెనీ 1889లో నొకోనాకు, 1925లో ఫోర్ట్‌వర్త్‌కు మారింది. ఊరు విడవడం ఇష్టం లేని ఆయన కుమార్తె ఈనిడ్ జస్టిన్ నొకోనాలోనే ఉండిపోయి, అదే సంవత్సరం తన సొంత కంపెనీ పెట్టింది. ఆ రోజుల్లో ఒక స్త్రీ ఒంటరిగా బూట్ల కర్మాగారం నడిపించడం ఎంత గట్టి పనో తలుచుకుంటే నాకు ఆమె మీద గౌరవం కలుగుతుంది. 1883లో శాన్ ఆంటోనియోలో పుట్టిన లుకేసీ, 1911లో ఎల్ పాసోలో పుట్టిన టోనీ లామా కూడా అన్ని మంచి దుకాణాల్లోనూ దొరుకుతాయి.

ఇక సేవ విషయానికి వస్తే, మేము మొదట వెళ్లిన ఒక దుకాణంలో (పేరు చెప్పను) అమ్మే కుర్రవాడు అన్నయ్యను నంబరు మాత్రమే అడిగి, పెట్టె తెచ్చి ముందు పెట్టాడు. వేళ్లు రెండువైపులా ఒత్తుకుంటున్నాయని చెబితే, వాడగా వాడగా వదులవుతుందన్నాడు. తోలు కొంత సాగే మాట నిజమే కానీ, పాదం వెడల్పుకు తగని బూటు ఎన్నటికీ సుఖంగా ఉండదు. అక్కడ కొనకుండా లేచి వచ్చి మరో దుకాణానికి వెళితే, ఒక పెద్దావిడ అన్నయ్యను కూర్చోబెట్టి, లోహపు కొలబద్ద మీద రెండు పాదాలనూ నిలబెట్టి పొడవు, వెడల్పు, మడమ నుంచి బొటనవేలి కీలు వరకు ఉన్న దూరం విడివిడిగా చూసింది. మూడో కొలతే అన్నిటికన్నా ముఖ్యమని ఆమె చెప్పింది. పాదంలో అతి వెడల్పైన చోటు బూటులో అతి వెడల్పైన చోటుకు సరిగ్గా చేరకపోతే, పొడవు ఎంత సరిపోయినా నడక కుదరదు. ఈ బూట్లకు అంకెతో పాటు వెడల్పును తెలిపే అక్షరం కూడా ఉంటుంది: మగవారికి డి సాధారణం, ఈఈ వెడల్పైనది. జీవితమంతా చెప్పులతో పొలం గట్ల మీద నడిచిన అన్నయ్య పాదం ముందువైపు విశాలంగా పరుచుకుని ఉంది. ఆయనకు ఈఈ పట్టింది, అది కూడా మామూలు బూట్ల నంబరు కంటే అర సైజు తక్కువలో.

ఈ బూటుకు లేసులు లేవు, కాబట్టి కాలిని పట్టి ఉంచేది పాదం పైవంపు మీద ఒదిగే తోలు మాత్రమే. అక్కడ నొప్పి లేకుండా గట్టిగా పట్టుకోవాలి. మడమ లోపలికి దిగేటప్పుడు కాస్త ఆగి, టక్కున కూర్చోవాలి. కొత్తలో నడుస్తున్నప్పుడు మడమ కొద్దిగా, పావు అంగుళానికి అటూ ఇటూగా, పైకి లేస్తుంది. సోల్ వంగడం మొదలైన తరువాత అది తగ్గిపోతుంది. దీన్ని చూసి వదులనుకుని చిన్న సైజు తీసుకుంటే వేళ్లు నలిగిపోతాయి. సాయంత్రానికి పాదం కొంత ఉబ్బుతుంది కనుక మధ్యాహ్నం దాటాక తొడిగి చూడటం మంచిదంటారు. అలాగే మోకాలి దిగువ వరకు వచ్చే మేజోళ్లు వెంట తీసుకువెళ్లాలి.

బూటు రూపంలో ప్రతి భాగానికీ గుర్రపు స్వారీతో సంబంధం ఉంది. మొన తేలిన ముందుభాగం రికాబులోకి తేలికగా దూరడానికి, ఎత్తు మడమ పాదం రికాబు దాటి ముందుకు జారిపోకుండా ఉండటానికి, నున్నని తోలు సోల్ పడిపోయినప్పుడు కాలు చిక్కుకోకుండా బయటికి రావడానికి, పొడవాటి గొట్టం ముళ్ల నుంచి, జీను పట్టీల రాపిడి నుంచి పిక్కను కాపాడటానికి. స్వారీ చేయని మనకు వీటిలో అన్నీ అవసరం లేదు. అన్నయ్యకు నలుచదరపు ముందుభాగం, పొట్టి మడమ, రబ్బరు సోల్ ఉన్న జత ఎంచారు, ఎందుకంటే కొత్త తోలు సోల్ మన ఇళ్లలోని నున్నని టైల్స్ మీద జారుతుంది. కొనేముందు సోల్ అంచును బూటుకు కలిపి కుట్టిన కుట్టు కనిపిస్తుందో లేదో చూసుకోవాలి. కుట్టినదైతే అరిగాక సోల్ మార్పించుకోవచ్చు. జిగురుతో అంటించినది అరిగితే పారేయడమే.

తోలు సంగతి మన ఇళ్లలో తప్పక వచ్చే ప్రశ్న. ఆవు తోలు తొడగనని వదిన ముందే స్పష్టంగా చెప్పింది. ఇలాంటి కోరిక విని ముఖం చిట్లించే అమ్మకందారులు ఉంటారేమోనని నాకు సందేహం ఉండేది. ఆ పెద్దావిడ మాత్రం ఎంతో మర్యాదగా విని, మేక తోలు, నిప్పుకోడి తోలు జతలు తెచ్చి చూపింది. అంతటితో ఆగకుండా, పైభాగం మేక తోలైనా లోపలి అస్తరు, సోల్ చాలావరకు ఆవు తోలుతోనే చేస్తారని, పూర్తిగా వద్దనుకుంటే కృత్రిమ పదార్థంతో చేసినవి మాత్రమే నమ్మవచ్చని తానుగా చెప్పింది. ఖరీదైన జత అమ్ముకునే అవకాశాన్ని వదులుకుని నిజం చెప్పిన ఆమె మాట వల్లనే మా మిగతా కొనుగోలంతా ఆ దుకాణంలోనే చేశాము. వదిన కృత్రిమ తోలుతో చేసి, పూల కుట్టుపని ఉన్న పొట్టి బూట్లు తీసుకుంది. మొసలి జాతి కైమన్, కొండచిలువ తోళ్ల బూట్లు కూడా అక్కడ మెరుస్తూ కనిపిస్తాయి. వన్యప్రాణుల వాణిజ్యంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కింద వాటిని దేశం దాటించడానికి అనుమతి పత్రాలు అవసరం కావచ్చు కాబట్టి, ఇండియాకు తీసుకువెళ్లేవారు వాటి జోలికి పోకపోవడమే క్షేమం.

టోపీకి బూటు కంటే ఎక్కువ సమయం ఇవ్వాలి. 1865లో ఫిలడెల్ఫియాలో జాన్ బి. స్టెట్సన్ మొదలుపెట్టిన కంపెనీ టోపీలు, 1927లో డాలస్‌లో మొదలైన రెసిస్టల్ టోపీలు ఇప్పుడు డాలస్ పక్కనే ఉన్న గార్లండ్‌లో తయారవుతాయి. ఫెల్ట్ టోపీలను ఉన్నితో గానీ, కుందేలు, బీవర్ (నీటి ఒడ్డున బతికే జంతువు) బొచ్చుతో గానీ చేస్తారు. బీవర్ పాలు పెరిగిన కొద్దీ నునుపు, వాన తట్టుకునే గుణం, ధర పెరుగుతాయి. లోపలి పట్టీ మీద ఎక్స్ గుర్తులు వేసి నాణ్యత చెబుతారు గానీ, ఒక కంపెనీ ఎక్స్‌కు మరో కంపెనీ ఎక్స్‌కు పొంతన ఉండదు. అందుచేత అంకెను నమ్మకుండా వేళ్లతో అంచును తడిమి, ఒకే మందంలో ఉందో లేదో చూడాలి. ఫెల్ట్ చలికాలానికి, గడ్డి టోపీ ఎండాకాలానికి అన్నది అక్కడివారు పాటించే పద్ధతి. షాంటుంగ్ అని అమ్మేవి గడ్డివి కావు, గట్టిగా పేనిన కాగితపు దారంతో అల్లినవి. అయినా తేలికగా, చక్కగా ఉంటాయి.

మిరప చేలో నిలబడే అన్నయ్యకు ఫెల్ట్ పనికిరాదని ఆ దుకాణంలో టోపీలు మలిచే ఆయనే చెప్పాడు. గుంటూరు ఎండల గురించి రెండు మూడు ప్రశ్నలు అడిగి, గాలి ఆడేందుకు పక్కల రంధ్రాలున్న తాటాకు టోపీ తీశాడు. తల చుట్టుకొలత ఒక్కటే కాక, తల పొడవైన కోలా, గుండ్రనిదా అన్నది కూడా చేతులతో తడిమి చూశాడు. నుదుటి మీద మాత్రమే నొక్కుతూ పక్కల వదులుగా ఉంటే కోల కుదరలేదన్నమాట. తరువాత ఆవిరి చిమ్మే గొట్టం దగ్గర అంచును తిప్పుతూ, కాస్త కాస్త మెత్తబరుస్తూ, రెండు పక్కలా పైకి మలిచి, ముందువైపు కళ్లకు నీడ పడేలా కిందికి దించాడు. అన్నయ్య తల మీద పెట్టి దూరం నిలబడి చూడటం, మళ్లీ తీసి సరిచేయడం చాలాసేపు సాగింది. టోపీ కొన్నవారికి దీనికి విడిగా డబ్బు తీసుకోలేదు. ఆన్‌లైన్‌లో అదే టోపీ కొంత తక్కువకు దొరకవచ్చు, కానీ ఈ పని రాదు. టోపీల మీద ప్రత్యేక అభిమానం ఉన్నవారు ఊరి నడిబొడ్డున 1911 నుంచి ఉన్న పీటర్స్ బ్రదర్స్ దుకాణం కూడా చూడాలి.

బస స్టాక్‌యార్డ్స్ లోపలే కావాలంటే 1907లో కట్టిన స్టాక్‌యార్డ్స్ హోటల్, 2021లో తెరిచిన హోటల్ డ్రోవర్ ఉన్నాయి. రెండోది చాలా ఖరీదైనది. రాత్రి పొద్దుపోయేదాకా సంగీతం, జనం ఉండే చోటు కనుక పెద్దవారితో వెళ్లేవారికి నేను ఊరి నడిబొడ్డునే సూచిస్తాను. మేమూ అక్కడే దిగాము. గదులు ప్రశాంతంగా ఉన్నాయి, స్టాక్‌యార్డ్స్‌కు కారులో పది, పదిహేను నిమిషాల దారి. శాకాహారులు మెక్సికన్ భోజనశాలల్లో బీన్స్ అడిగేముందు వాటిని పంది కొవ్వుతో వండారేమో కనుక్కోవాలి.

ధరల విషయంలో, పెద్దవారికి తీసికట్టు కాని తోలు బూట్లు సుమారు 200 డాలర్ల నుంచి, మంచి గడ్డి టోపీ 100 డాలర్లకు అటూ ఇటూగా, బొచ్చు ఫెల్ట్ టోపీ 250 నుంచి ఉంటాయని అనుకుని వెళ్లాలి. చీటీ మీది ధరకు 8.25 శాతం అమ్మకం పన్ను అదనం. ఇంటికి తీసుకువెళ్లేటప్పుడు బూట్ల గొట్టాలలో బట్టలు కుక్కితే ముడతలు పడవు. టోపీని పెట్టెలో పెట్టక తప్పకపోతే తల భాగం నిండా మేజోళ్లు కూరి, చుట్టూ బట్టలు సర్ది, తలకిందులుగా ఉంచాలి. తలకు పెట్టుకుని విమానం ఎక్కడం అంతకంటే మంచిది. ఎక్కడ దించినా అంచు మీద కాకుండా తలకిందులుగానే పెట్టాలి, ఎండలో ఆపిన కారులో వదిలేయకూడదు, ఎందుకంటే లోపలి తోలు పట్టీ కుంచించుకుపోయి సైజు తగ్గుతుంది. మన వానాకాలంలో బూట్లను ప్లాస్టిక్ సంచిలో కట్టి అటక మీద పెడితే బూజు పడుతుంది. గాలి ఆడే చోట, నేరుగా ఎండ తగలకుండా ఉంచి, అప్పుడప్పుడు తోలుకు రాసే క్రీము పట్టించాలి.