గుండె దడను కావాలని తెచ్చుకోవడం: మూడున్నరేళ్ళు చేశాక

నాకు పానిక్ అటాక్స్, అంటే ఉన్నట్టుండి దడతో ముంచుకొచ్చే విపరీతమైన భయం, మొదలై ఆరేళ్ళయింది. మొదటి రెండున్నరేళ్ళు వాటి నుంచి ఎలా తప్పించుకోవాలా అని దొరికిన ప్రతి ఉపాయమూ వాడి చూశాను. ఆ తర్వాతి మూడున్నరేళ్ళుగా, అటాక్‌లో కలిగే దడనీ, ఆయాసాన్నీ, కళ్ళు తిరగడాన్నీ నా అంతట నేనే తెచ్చుకునే సాధన చేస్తున్నాను. సైకాలజిస్టులు దీన్ని ఇంటరోసెప్టివ్ ఎక్స్‌పోజర్ అంటారు. నేను మళ్ళీ మనుషుల్లో పడింది దీనివల్లే. ఇందులో ఏది పనిచేసింది, ఏది చేయలేదు, ఎంత కష్టపడాల్సి వచ్చింది అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మొదటి అటాక్ ఆఫీసు మీటింగులో వచ్చింది. ఎవరితోనూ గొడవ లేదు, నన్నెవరూ ఏమీ అడగలేదు. ఉన్నట్టుండి గుండె గొంతులో కొట్టుకుంటున్నట్టయింది. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కాయి, ఒళ్ళంతా చెమట పట్టింది, ఎదురుగా మాట్లాడుతున్న మనిషి గొంతు ఎక్కడో దూరం నుంచి వినిపించింది. ప్రాణం పోతోందనే అనుకున్నాను. ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈసీజీ బాగుంది, రక్త పరీక్షలు బాగున్నాయి, థైరాయిడ్ కూడా బాగుంది. "మీకేం లేదండీ, కాస్త టెన్షన్ తగ్గించుకోండి" అని డ్యూటీ డాక్టరు పంపించేశారు. ఏమీ లేకపోతే మరి నాకు జరిగిందేమిటి? దానికి పానిక్ అటాక్ అనే పేరుందని ఆ రోజే చెప్పి ఉంటే ఇంకో మూడుసార్లు ఎమర్జెన్సీకి పరిగెత్తేవాణ్ణి కాదు. అయితే ఒక మాట. ఛాతీలో నొప్పి గానీ, ఇలాంటి దడ గానీ మొదటిసారి వచ్చినవాళ్ళు తప్పకుండా డాక్టరుకి చూపించుకోవాలి. పానికేలే అని ఇంట్లో కూర్చుని మనంతట మనం తేల్చేసుకోకూడదు.

ఆ తర్వాత నా చుట్టూ రక్షణలు పోగుచేసుకున్నాను. చేతిలో ఎప్పుడూ నీళ్ళ సీసా. బస్సులో తలుపు పక్క సీటు. జేబులో అల్ప్రజోలం, ఆందోళన తగ్గించే మాత్ర. చేతికి పల్స్ చూపించే వాచీ. అన్నిటికీ మించి మా అక్క. గుండె కాస్త అదిరితే చాలు, ఫోన్ చేసి "అక్కా, పెట్టేయకు" అనేవాణ్ణి. "ఏం కాదురా, నేనున్నాగా" అనేది. పావుగంటలో తగ్గేది. అక్క మాట వల్లే తగ్గిందనుకునేవాణ్ణి. మరి ఈసారి అక్క ఫోన్ ఎత్తకపోతే? ఆ కొత్త భయం ఆ ఊరటలోంచే పుట్టేది.

మాత్ర విషయంలోనూ అదే పొరపాటు. పానిక్ అటాక్ సాధారణంగా 10 నిమిషాల్లోపే బాగా ముదిరి, ఆ తర్వాత దానంతట అదే దిగుతుంది. అల్ప్రజోలం రక్తంలో గరిష్ఠ స్థాయికి చేరడానికి 1 నుంచి 2 గంటలు పడుతుంది. అంటే చాలాసార్లు మాత్ర పూర్తిగా పనిచేసేలోపే నా అటాక్ దిగిపోయి ఉంటుంది. మెప్పు మాత్రకి దక్కేది. పైగా ఈ రకం మందులకి ఒళ్ళు అలవాటు పడిపోతుంది. వ్యసనం, ఆధారపడటం గురించి వీటి మీద ఉండే హెచ్చరికను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఇంకా గట్టిగా మార్చింది. నాకు వారానికి ఒకటి కాస్తా రోజుకి ఒకటయింది. డాక్టరు చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ మానడానికి నాలుగు నెలలు పట్టింది. అత్యవసరంలో ఈ మందు వాడకూడదని నేననడం లేదు. నా చేతిలో అది ఏమైందో చెబుతున్నాను.

వాచీ ఇంకా ఎక్కువ చెరుపు చేసింది. 92 చూసి కంగారుపడితే 104 అయ్యేది. 104 చూస్తే 120 అయ్యేది.

రక్షణలు పెరిగినకొద్దీ నేను తిరిగే మేర తగ్గిపోయింది. ముందు లిఫ్ట్ మానేశాను. తర్వాత కిటికీలు తెరుచుకోని బస్సులు, తర్వాత క్యూలు, చివరికి జుట్టు కత్తిరించుకోవడానికి కుర్చీలో కూర్చోవడం కూడా మానేశాను. అప్పుడు వెళ్ళాను సైకాలజిస్ట్ దగ్గరికి.

ఆవిడ మొదటి రోజు కాగితం మీద ఒక వలయం గీశారు. 1986లో డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త వివరించిన వలయం అది. మెట్లెక్కినందుకో నిద్ర చాలకో గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. 'ఇది గుండెపోటు' అని మనసు దానికి అర్థం చెబుతుంది. ఆ అర్థానికి భయం పుడుతుంది, భయానికి ఎడ్రినలిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది, దాంతో గుండె ఇంకా వేగం అందుకుంటుంది. అనుకున్నంతా అయిందని మనసు రూఢి చేసుకుంటుంది. ఊపిరి కథ కూడా చెప్పారు. భయంలో అవసరానికి మించి గాలి పీల్చి వదులుతాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది, మెదడుకి వెళ్ళే రక్తనాళాలు కొంత ముడుచుకుంటాయి. కళ్ళు తిరగడం, వేళ్ళలో తిమ్మిర్లు, ఊపిరి అందనట్టు ఉండటం అందులోంచి వస్తాయి. నాకు ఊపిరి ఆడటం లేదని నేను గగ్గోలు పెట్టిన రోజుల్లో నిజానికి నేను పీల్చవలసినదానికన్నా ఎక్కువే పీలుస్తున్నాను!

నన్ను అన్నిటికన్నా తేలికపరిచిన విషయం ఇంకొకటి. మనిషి స్పృహ తప్పడానికి మామూలుగా కారణం బీపీ పడిపోవడం. పానిక్‌లో బీపీ పెరుగుతుంది. అందుకే కళ్ళు ఎంత తిరిగినా పానిక్‌లో పడిపోవడం అరుదు. నాకు అప్పటికి వందకు పైగా అటాక్స్ వచ్చి ఉంటాయి. ఒక్కసారి కూడా పడిపోలేదు. పడిపోతానని మాత్రం ప్రతిసారీ నమ్మాను.

ఇవన్నీ తెలిసినా లిఫ్ట్ తలుపు మూసుకోగానే చేతులు చల్లబడేవి. తెలివికి తెలిసింది ఒంటికి తెలియాలి కదా. సాధన అందుకే.

సాధన ఇలా ఉంటుంది. ఒక నిమిషం ఉన్నచోటే పరుగెత్తడం, గుండె దడ కోసం. తిరిగే కుర్చీలో ఒక నిమిషం గిరగిరా తిరగడం, కళ్ళు తిరగడం కోసం. ముక్కు మూసుకుని సన్నటి స్ట్రాతో రెండు నిమిషాలు ఊపిరి పీల్చడం, ఊపిరి చాలకపోవడం కోసం. ఒక నిమిషం గబగబా లోతుగా ఊపిరి తీయడం, తిమ్మిర్ల కోసం. ప్రతిదానికీ ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నానో రాయాలి. తర్వాత ఏం జరిగిందో రాయాలి. భయానికి 0 నుంచి 10 దాకా మార్కు వేయాలి.

మొదటిసారి స్ట్రా పట్టుకున్నప్పుడు 'స్పృహ తప్పుతాను, 80 శాతం' అని రాశాను. నలభై సెకన్లకే స్ట్రా విసిరేశాను. భయం 9. సైకాలజిస్ట్ ఏమీ అనలేదు, ఇంకోసారి చేద్దామన్నారు. రెండోసారి నిమిషం పైన ఉండగలిగాను, కళ్ళల్లో నీళ్ళు కారుతూనే ఉన్నాయి. ఇంటికొచ్చి రోజుకి రెండు పూటలా చేశాను. ఎనిమిదో రోజుకి 6 అయింది. ఇరవయ్యో రోజుకి 3. ఆ 3 రాస్తున్నప్పుడు చెయ్యి ఆగిపోయింది. ఛాతీ బిగుసుకునే ఉంది, గుండె కొట్టుకుంటూనే ఉంది, నాకు మాత్రం భయం వేయడం లేదు. లక్షణం వేరు, భయం వేరు అని ఒంటికి తెలిసిన మొదటి క్షణం అదే.

ఇందులో అందరూ తప్పు చేసే చోటు ఒకటుంది, నేనూ చేశాను. దడ రాగానే దాన్ని తగ్గించడానికి నెమ్మదిగా ఊపిరి తీయడం మొదలుపెట్టాను. అలా చేస్తే అది ఇంకో రక్షణ అయి కూర్చుంటుంది. తెచ్చుకున్న దడను ఏమీ చేయకుండా అలాగే వదిలేయాలి, అదే దిగేదాకా ఉండాలి. ఈ 'ఏమీ చేయకపోవడం' నేర్చుకోవడానికి నాకు నెలన్నర పట్టింది.

ఆ తర్వాత బయటికి. నీళ్ళ సీసా లేకుండా లిఫ్ట్, మధ్య సీటులో బస్సు, వాచీ ఇంట్లో వదిలి ఆఫీసు. అక్కకి కూడా సైకాలజిస్ట్ ఒక మాట నేర్పారు. తర్వాత నేను ఫోన్ చేసినప్పుడు అక్క "ఏం కాదురా" అనలేదు. "వచ్చిందా, సరే రానీ. ఎంతసేపుందో చూసి సాయంత్రం చెప్పు" అని పెట్టేసింది. నాకు చాలా కోపం వచ్చింది. అక్క ఆ రోజు ఏడ్చిందని రెండేళ్ళ తర్వాత చెప్పింది. ఈ సమీక్షలో ఎవరికైనా కృతజ్ఞతలు చెప్పాలంటే అక్కకే, ఆ ఫోన్ పెట్టేసినందుకు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటి మూడు వారాలు అటాక్స్ తగ్గకపోగా పెరిగాయి; నేను రెండుసార్లు మానేద్దామనుకున్నాను. ఒంటరిగా మొదలుపెట్టవద్దని గట్టిగా చెబుతాను. గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నవాళ్ళు, గర్భిణులు డాక్టరుని అడగకుండా ఈ పరుగులూ స్ట్రాలూ జోలికి పోకూడదు. ఇంకొకటి, రోజంతా లోపల నసపెట్టే గుబులు మీద ఈ సాధన పెద్దగా పనిచేయలేదు. ఉద్యోగం ఏమవుతుందో, ఇంట్లోవాళ్ళకి ఏమవుతుందో అనే ఆ గుబులుకి నాకు ఉపయోగపడింది వేరే. సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు దానికని కేటాయించి, పగలు వచ్చిన ప్రతి ఆలోచననీ 'సాయంత్రం చూద్దాం' అని రాసి పక్కన పెట్టడం. నెమ్మదిగా ఊపిరి తీసే అభ్యాసం కూడా అటాక్‌కి పనికి రాలేదు గానీ గుబులు రోజుల్లో బాగానే ఉంది. మనసుని భయం మీంచి మళ్ళించడానికి చుట్టూ ఉన్న ఐదు వస్తువులు చూడటం, నాలుగు తాకడం లాంటివి ఓ మాదిరి. కాగితపు సంచిలో ఊపిరి తీయడం మాత్రం వద్దు. సమస్య నిజంగా గుండెదో ఊపిరితిత్తులదో అయితే ప్రాణం మీదికి వస్తుంది. కాఫీ సగానికి తగ్గించాను, తేడా కనిపించింది.

మందులు కూడా వాడాను. సెర్ట్రలిన్ అనే యాంటీడిప్రెసెంట్ (డిప్రెషన్‌కీ, పానిక్‌కీ రోజూ వేసుకునే మందు), పద్నాలుగు నెలలు. మొదటి పది రోజులు ఒళ్ళు ఇంకా చిరచిరలాడింది, నాలుగో వారం తర్వాత గానీ ఊరట తెలియలేదు. ఆ ఊరట లేకపోతే స్ట్రా చేతిలోకి తీసుకునే ధైర్యం వచ్చేదా అంటే, నా మట్టుకు వచ్చేది కాదనే చెబుతాను. మానేటప్పుడు కూడా డాక్టరు చెప్పినట్టే మోతాదు తగ్గించుకుంటూ మానాను. ఇవి ఉన్నపళంగా ఆపకూడదు.

రెండేళ్ళ తర్వాత ఒకసారి మళ్ళీ తిరగబెట్టింది. ఇంట్లో ఒకరికి సుస్తీ చేసి నెలల తరబడి నిద్రల్లేవు, సాధన మానేశాను. లిఫ్ట్ దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. అంతా మొదటికొచ్చిందని ఆ రాత్రి చాలా దిగులుపడ్డాను. పాత నోట్‌బుక్ తీసి మొదటి పేజీ నుంచి మళ్ళీ చేశాను. మొదటిసారి ఇరవై రోజులు పట్టిన 3 ఈసారి ఆరు రోజుల్లో వచ్చింది. అప్పటి నుంచి వారానికి రెండు రోజులు, బాగున్నా బాగోకపోయినా, చేస్తూనే ఉన్నాను.

నిద్రలోంచి లేపే అటాక్ ఒక్కటే ఇంకా పూర్తిగా లొంగలేదు. నిద్రమత్తులో ఏది ఏమిటో గుర్తుకు వచ్చేలోపే అది సగం ముదిరి ఉంటుంది. గత నెలలో ఒకటి వచ్చింది, రాత్రి 2.40కి. మంచం మీద లేచి కూర్చున్నాను, లైటు వేసి నోట్‌బుక్‌లో టైము రాశాను. ఫోన్ పక్కనే ఉంది. 2.53కి మళ్ళీ పడుకున్నాను. అక్కకి తెల్లారాక చెప్పాను.