తెలివిని మెచ్చుకోవాలా, కష్టాన్ని మెచ్చుకోవాలా?

గ్రోత్ మైండ్‌సెట్ (తెలివి పుట్టుకతో ఆగిపోయేది కాదు, సాధనతో పెరుగుతుందనే నమ్మకం) ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ బడి పిల్లలున్న తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: ఇంట్లో పిల్లలను “నీకు తెలివి ఎక్కువ” అని మెచ్చుకోవడం మేలా, “బాగా కష్టపడ్డావు” అని మెచ్చుకోవడం మేలా? మార్కులు బాగా వచ్చిన రోజున ఏ మాట అన్నా పెద్ద తేడా కనిపించదు. మార్కులు తగ్గిన రోజున ఆ మాట నిలబడుతుందా లేదా అన్నదే అసలు పరీక్ష అని నా అభిప్రాయం.

తెలివిని మెచ్చుకునే అలవాటును తేలిగ్గా తీసిపారేయలేము. “మా మనవరాలి బుర్ర పాదరసం” అని మా అత్తగారు ఇంటికి వచ్చినవారందరికీ చెబుతుంటే పిల్ల ముఖం వెలిగిపోతుంది. ఆ మాటలో ఉన్నది ప్రేమే కాబట్టి ఆమెను నేను ఏనాడూ వారించలేదు. అయితే 1998లో క్లాడియా ముల్లర్, కెరోల్ డ్వెక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో అయిదో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగాల ఫలితాలను ప్రకటించారు. తెలివైనవారని ప్రశంస పొందిన పిల్లలు, మధ్యలో కఠినమైన చిక్కుప్రశ్నల దగ్గర తడబడ్డాక, మొదటి స్థాయివే మళ్లీ ఇచ్చినా మునుపటికన్నా తక్కువ చేశారు. కష్టపడ్డారని ప్రశంస పొందినవారు మునుపటికన్నా ఎక్కువ చేశారు. నన్ను కలవరపెట్టినది మరొకటి: తమకు ఎన్ని వచ్చాయో వేరే బడి పిల్లల కోసం రాయమన్నప్పుడు, తెలివైనవారు అనిపించుకున్నవారిలో దాదాపు 40 శాతం మంది ఎక్కువ చేసి రాశారు. మన ఇళ్లలో ప్రోగ్రెస్ కార్డు పుస్తకాల సంచి అడుగుకు చేరడానికీ దీనికీ చుట్టరికం ఉందనిపిస్తుంది.

ఇంతవరకు చదివి కష్టాన్ని మెచ్చుకుంటే చాలుననుకున్నవారిలో నేనూ ఒకతెను. మొన్న ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయికి లెక్కల స్లిప్ టెస్టులో 25కు 11 వచ్చినప్పుడు, “పోనీలే తల్లీ, కష్టపడ్డావుగా” అన్నాను. “కష్టపడ్డా రాలేదంటే నాకు లెక్కలు రావనేగా అమ్మా?” అని ఎదురడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఫలితమివ్వని శ్రమను ఓదార్పు కోసం పొగడటం తాను చెప్పిన పద్ధతి కాదని డ్వెక్ కూడా 2015లో స్పష్టం చేయవలసి వచ్చింది.

అప్పుడు జవాబు పత్రం ముందు పెట్టుకుని కూర్చున్నాము. 1/2కు 1/3 కలపమంటే పై అంకెలను పై అంకెలతోను, కింది అంకెలను కింది అంకెలతోను కూడి 2/5 అని రాసింది. “అర రొట్టె తిన్నాక ఇంకో ముక్క కూడా తింటే, మొత్తం అర రొట్టెకన్నా తక్కువ ఎలా అయింది?” అని అడిగాను. కాసేపు ఆలోచించి, రొట్టె బొమ్మ గీసి, ఆరు ముక్కలు చేసి, 5/6 అని తనే తేల్చింది. పొగడ్త కన్నా ముందు “ఎలా చేశావు?” అని అడిగే ఈ మూడో దారి వైపే నేను మొగ్గుతాను. పిల్లల దృక్పథం తెలివి గురించి తల్లిదండ్రులు లోలోపల నమ్మేదాన్ని బట్టి కాక, వైఫల్యం ఎదురైనప్పుడు ఆ తల్లిదండ్రులు స్పందించే తీరును బట్టి రూపుదిద్దుకుంటుందని కైలా హైమోవిట్జ్, డ్వెక్ 2016లో ప్రకటించిన అధ్యయనం కూడా నాకు ఈ వైపే చూపుతోంది. తండ్రి నవ్వుతూనే “మన వంశంలో ఎవరికీ లెక్కలు రావులే” అన్నా, అది పిల్ల చెవిలో తీర్పుగానే పడుతుంది.

మార్కుకు ఇంత అని డబ్బు, ఫస్టు వస్తే సైకిలు వంటి బహుమతుల సంగతి కూడా కొందరు అడుగుతారు. సరదాకు అప్పుడప్పుడు ఇవ్వవచ్చు, పద్ధతిగా పెట్టుకోవద్దు.

మూడో దారికి ఉన్న చిక్కల్లా సమయమే. ఆ ఒక్క లెక్కకు మాకు అరగంట పట్టింది, పొయ్యి మీద పప్పు అడుగంటింది. అంత తీరిక లేని సాయంత్రాలలో నేను పొగడను, ఓదార్చను; ఆ పత్రాన్ని ఫ్రిజ్ మీద పెట్టి, ఆదివారం చూద్దామని మాత్రం చెబుతాను.