దురదతో బాధపడే కుక్కని తీసుకుని అంత దూరం వెళ్లొచ్చాం: దారి, బస, క్లినిక్

ముందే చెప్పేస్తున్నాను. దారి పరవాలేదు, మొదటి బస బాగోలేదు, రెండోది బాగుంది, క్లినిక్‌లో పనిచేసే మనుషుల కోసమైతే మళ్లీ అంత దూరమూ వెళ్తాను. ఇంట్లో కుక్కకో పిల్లికో ఎడతెగని దురద పట్టుకుని, మందు వాడినన్నాళ్లూ తగ్గి ఆపగానే మళ్లీ మొదలవుతుంటే, జంతువుల చర్మవ్యాధులు మాత్రమే చూసే చోటికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేక ఉన్నవాళ్లు కొందరైనా ఇది చదువుతారని రాస్తున్నాను.

మా కుక్క చిట్టికి రెండో ఏడు నిండిన దగ్గర్నుంచీ దురద. పాదాలు నాకుతుంది, చంకలు ఎర్రబడతాయి, చెవులు వాసన వస్తాయి, రాత్రుళ్లు గోక్కునే చప్పుడుకి అక్కకీ నాకూ నిద్ర ఉండదు. చూసిన డాక్టర్లు మంచివాళ్లే, కానీ వాళ్ల దగ్గర పది రకాల రోగాలతో పది జంతువులు వరుసలో ఉంటాయి, చర్మానికి కావలసినంత సమయం ఎవరి దగ్గరా ఉండదు. చర్మం జబ్బు ప్రాణం మీదికి రాదు కాబట్టి ఎప్పుడూ వెనక్కి పోతుంది. దురదతో నిద్రపోలేని జంతువుని రోజూ చూసేవాళ్లకి తెలుస్తుంది అదెంత బాధో.

క్లినిక్ సేవ నిజానికి ఫోన్‌లోనే మొదలైంది. అపాయింట్‌మెంట్ కోసం చేస్తే రిసెప్షన్‌లో ఉన్నావిడ తేదీ చెప్పి పెట్టేయలేదు. దురద ఏ వయసులో మొదలైంది, ఏడాది పొడవునా ఉంటుందా ఏదైనా కాలంలో ఎక్కువా, ముందు దురదా ముందు పుండ్లా, ఇంట్లో మనుషులకెవరికైనా దద్దుర్లు వచ్చాయా అని ఓపిగ్గా అడిగి రాసుకుంది. వచ్చే ముందు కొన్ని రోజులు స్నానం చేయించొద్దు, చెవులు శుభ్రం చేయొద్దు, అన్నీ కడిగేసి తీసుకొస్తే మైక్రోస్కోపులో చూడ్డానికి ఏమీ మిగలదు అంది. వాడుతున్న మందులు మీ అంతట మీరు ఆపకండి, చర్మం మీద సూదులతో చేసే అలర్జీ పరీక్ష అవసరమైతే స్టెరాయిడ్లూ యాంటీహిస్టమిన్లూ (అలర్జీని అణిచే మందులు) ముందే ఆపాలి, అయితే ఎప్పుడు ఎలా ఆపాలో డాక్టరుగారే చెబుతారు అని కూడా చెప్పింది. పాత చీటీలు, దురద ఎక్కువగా ఉన్నప్పుడు తీసిన ఫొటోలు, తినిపించే తిండి ప్యాకెట్ల ఫొటోలు పట్టుకు రమ్మంది. ఆ ఒక్క ఫోన్‌తో మా టెన్షన్ సగం తగ్గింది.

దారి గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. కారులో వెళ్లాం, మధ్యమధ్య ఆగి నడిపించాం, నాక్కోకుండా, గోక్కోకుండా మెడకి గరాటులాంటి కోన్ తొడిగి కూర్చోబెడితే వెనక సీటు చాలలేదు, అక్క ముందు సీట్లోకి వచ్చేసింది. సీటు మీద ఇంట్లో వాడే పాత దుప్పటే పరిచాం, కొత్త బట్టలూ కొత్త వాసనలూ ఎందుకని.

బస గురించి మాత్రం కాస్త చెప్పాలి, ఎందుకంటే పెంపుడు జంతువులకి అనుమతి ఉంది అని రాసి ఉండటం వేరు, చర్మం జబ్బున్న జంతువుకి పనికొచ్చే గది వేరు. మొదటి చోట మనుషులు మర్యాదగానే ఉన్నారు, గది కూడా చూడ్డానికి బాగుంది, కానీ గోడ నుంచి గోడ దాకా కార్పెట్, తలుపు తీయగానే గుప్పుమనే రూమ్ ఫ్రెషనర్. కార్పెట్లలో, పరుపుల్లో ఉండే దుమ్ము పురుగులు కుక్కల అలర్జీకి బాగా పేరుమోసిన కారణాల్లో ఒకటి. ఆ రాత్రి చిట్టి పడుకున్నదానికన్నా గోక్కున్నదే ఎక్కువ. మర్నాడే మారిపోయాం. రెండో చోటు ఇంతకన్నా చిన్నది, పాతది, కానీ నున్నటి టైల్స్ నేల, బాత్రూంలో చేత్తో పట్టుకునే షవర్, గోరువెచ్చటి నీళ్లు. మందు షాంపూతో స్నానం చేయించాలని మేం చెప్పకముందే ఇంటావిడ పాత తువ్వాళ్లు తెచ్చిచ్చి, నీళ్లు ఎంతసేపైనా వాడుకోండి అంది. ఇలాంటి ప్రయాణానికి గది బుక్ చేసేవాళ్లు ఫొటోలు చూసి కాకుండా ఫోన్ చేసి నేల ఎలాంటిది, స్నానం చేయించనిస్తారా అని అడగండి.

ఇక క్లినిక్. వేచి ఉండే చోట పిల్లులకి వేరే మూల ఉంది, మధ్యలో అడ్డు ఉంది. అయినా చిట్టి వణుకుతుండటం చూసి, మీరు కారులోనే కూర్చోండి, మీ వంతు రాగానే నేనే వచ్చి పిలుస్తాను అన్నాడు అక్కడి కుర్రాడు, అన్నట్టే వచ్చి పిలిచాడు. లోపల డాక్టరుగారు చిట్టిని బల్లెక్కించమనలేదు. జారకుండా చాప పరిచి ఉన్న నేల మీద ఆవిడే కూర్చుంది. చాలాసేపు మాతోనే మాట్లాడింది, దాని వైపు చూడను కూడా చూడలేదు, అది మెల్లగా తనంతట తాను వెళ్లి ఆవిడ చెయ్యి వాసన చూశాక గానీ ముట్టుకోలేదు. దురదకి సున్నా నుంచి పది దాకా ఎంత వేస్తారు అని అడిగింది. అక్క ఎనిమిది అంది, నేను ఆరు అన్నాను, రెండూ రాసుకుంది.

పరీక్షలు చేసిన టెక్నీషియన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చేయబోయే ప్రతి పనీ ముందు మాకు చెప్పి, తర్వాతే చేసేవాడు. చర్మం మీద టేపు అంటించి తీశాడు. తర్వాత ఒకచోట చర్మాన్ని గీకి నమూనా తీయాలండీ, కొంచెం రక్తం చెమర్చేదాకా గీకాలి, డెమోడెక్స్ అనే సూక్ష్మమైన పురుగులు వెంట్రుక మొదళ్లలో లోతుగా ఉంటాయి, పైపైన గీకితే దొరకవు, చూసి కంగారు పడకండి అన్నాడు. ముందే చెప్పకపోతే అక్క అక్కడే ఏడ్చేసేది. చెవి దగ్గరకి వచ్చేసరికి చిట్టి తల లాగేసుకుంది. కుక్క చెవి లోపలి దారి నిట్టనిలువుగా దిగి మళ్లీ పక్కకి తిరుగుతుంది, వాచిపోతే చాలా నొప్పి. గట్టిగా పట్టుకుని పని కానిచ్చేయొచ్చు, చాలాచోట్ల అదే చేస్తారు. ఇతను ఆగిపోయాడు. నర్సు వచ్చి గడ్డం కింద చేయి పెట్టి, ఏం కాదు నాన్నా అంటూ కూర్చుంది, కాసేపయ్యాక అది తలవాల్చింది, అప్పుడు తీశాడు.

ఆ నమూనాలు అక్కడికక్కడే రంగు వేసి చూసి, మమ్మల్ని కూడా మైక్రోస్కోపు దగ్గరకి పిలిచాడు. మలసేజియా అనే ఈస్టు, అంటే ఒకరకం ఫంగస్, చిన్న చిన్న పాదముద్రల్లా కనిపించింది, పక్కనే చుక్కల్లా బ్యాక్టీరియా. ఇన్నేళ్లుగా దురద దురద అంటున్నామే గానీ అందులో ఇన్ని పొరలున్నాయని అప్పుడే అర్థమైంది. కింద అలర్జీ, దాని మీద పెరిగిన ఈస్టూ బ్యాక్టీరియా, వాటి వల్ల మళ్లీ దురద.

మేం వేచి ఉండే చోట ఉండగా ఒక పెద్దాయన ఒంటి మీద వెంట్రుక లేకుండా పొక్కులు కట్టిన కుక్కని తీసుకొచ్చారు. ఆయన దాన్ని దుప్పట్లో చుట్టి, ఎవరికీ తగలకుండా ఓ మూల నిలబడ్డారు. ముందు నర్సు చేతికి గ్లవ్స్ వేసుకునే లోపలికి తీసుకెళ్లింది, అది సరైన పనే, ఒకరకం గజ్జి మనుషులకీ అంటుతుంది కాబట్టి. కాసేపటికి బయటికొచ్చి, ఇది డెమోడెక్స్ అండీ, మనకి అంటేది కాదు, మందులున్నాయి, వెంట్రుకలు మళ్లీ వస్తాయి అని చెప్పి గ్లవ్స్ తీసేసి ఉత్త చేత్తో దాని తల నిమిరింది. ఆయన అప్పుడు కుర్చీలో కూర్చున్నారు. శ్రద్ధ అనేది ప్రేమగా మాట్లాడటంలోనే ఉండదు, ఏది అంటుతుంది ఏది అంటదు అనే చదువులో కూడా ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది అక్కడే.

డాక్టరుగారు చెప్పిన తీరు కూడా నాకు నచ్చింది. ఇది అటోపీ అనే అలర్జీలా ఉంది, సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసు మధ్య మొదలవుతుంది, కానీ ఇదే అని తేల్చే రక్తపరీక్ష లేదు, పురుగులూ ఇన్‌ఫెక్షన్లూ తిండి అలర్జీ ఒక్కొక్కటిగా పక్కన పెట్టుకుంటూ రావాలి అంది. పూర్తిగా నయమవుతుందా అని అక్క అడిగితే, లేదండీ, అదుపులో ఉంచగలం, హాయిగా బతికేలా చూడగలం అని సూటిగా చెప్పింది. ప్రతి పరీక్షకీ ఎంతవుతుంది, ఎందుకు, ఇప్పుడే చేయాల్సినదేది, ఆగదగ్గదేది అని ముందే విడమరిచి చెప్పారు. అలర్జీ పరీక్ష వెంటనే చేయించుకోమని ఒత్తిడి పెట్టలేదు, దాన్నిబట్టి తయారుచేసే ఇంజెక్షన్ల ఫలితం తెలియడానికి చాలా నెలలు, ఒక్కోసారి ఏడాది దాకా పడుతుంది, ముందు తిండి సంగతి తేలనీయండి అన్నారు.

తిండి పరీక్ష అంటే కనీసం ఎనిమిది వారాలు డాక్టరు చెప్పిన ఒక్క ఆహారమే. బిస్కెట్టు లేదు, మన పళ్లెంలోంచి ముక్క లేదు, రుచి కలిపిన మాత్రలు కూడా లేవు. ఇంట్లో పెద్దవాళ్లు జాలిపడి పెట్టేస్తారేమో అంటే, నర్సు నవ్వి, పెద్దవాళ్లకి మీరు చెబితే కష్టంగా ఉంటుంది, ఫోన్ కలపండి నేను మాట్లాడతాను అంది, నిజంగానే అమ్మతో మాట్లాడింది.

స్నానం ఎలా చేయించాలో చేసి చూపించారు. షాంపూ రాసి వెంటనే కడిగేస్తే మందు పనిచేయదు, పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి, గడియారం పెట్టుకోండి అన్నారు. కుక్క చర్మం మన చర్మమంత ఆమ్లంగా ఉండదు, పైపొర కూడా పలుచన, అందుకే మన షాంపూలు వాడకూడదట. చెవి మందు పోశాక చెవి మొదలు దగ్గర మెల్లగా పిసికి, తల విదిలించుకోనిచ్చి, దూది మన వేలు అందినంత మేరే పెట్టాలి. మాటలతో చెప్పి వదిలేయకుండా అక్క చేత చేయించి, పట్టుకున్న తీరు సరిదిద్దారు. చర్మం జబ్బుకి వైద్యం చాలావరకు ఇంట్లో మన చేతుల మీద జరగాల్సిందే, కాబట్టి ఎంత మంచి మందు రాసినా ఇలా నేర్పేవాళ్లు లేకపోతే దండగే.

లోటు లేదని కాదు. అపాయింట్‌మెంట్ ఉన్నా బాగా ఆలస్యమైంది, ఒక్కొక్కరికి అంతసేపు ఇస్తే వెనకవాళ్లకి ఆలస్యం తప్పదు, అర్థం చేసుకున్నాం గానీ నీడలేని చోట ఆపిన కారులో కుక్కతో కూర్చోవడం కష్టమే, ఏసీ ఆపకుండా ఇద్దరిలో ఒకరం కదలకుండా కూర్చున్నాం. మందుల కౌంటర్లో ఒక్కరే ఉన్నారు, హడావుడిగా సంచీలో వేసి ఇచ్చేశారు. ఏది పొద్దున ఏది రాత్రి అని అర్థంకాక మళ్లీ నర్సు దగ్గరకే వెళ్తే, ఆవిడ విసుక్కోకుండా డబ్బాల మీద పెద్దక్షరాలతో రాసిచ్చింది. ఇచ్చిన కాగితంలో అక్షరాలు మరీ చిన్నవి, పెద్దవాళ్లు చదవలేరు.

వచ్చేశాక వాళ్లే ఫోన్ చేశారు. మళ్లీ అదే ప్రశ్న, సున్నా నుంచి పది దాకా ఎంత? అక్క నాలుగు అంది, నేనూ నాలుగే అన్నాను. పాదాల ఫొటో పంపమన్నారు, చూసి స్నానాలు తగ్గించమన్నారు, మాత్ర అలాగే ఉంచమన్నారు. మళ్లీ చూపించడానికి ఆ రెండో బసలోనే గది చెప్పేశాం, ఈసారి పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ కావాలని అడిగితే ఇచ్చారు.