నిలబడి స్తోత్రం చెప్పడానికి మూడు జాకెట్లు: మహబూబ్‌నగర్ న్యూటౌన్ ఇంటి దర్జీ

మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లో బోర్డు లేని దర్జీ ఒకామె ఉంది. ముందు గదిలో రెండు మిషన్లు, ఒక కటింగ్ బల్ల, గోడకు నిలువుటద్దం. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన ఆడవాళ్ళకు కుడుతుందన్న సంగతి క్రైస్తవ సంఘాల్లో ఒకరి నోట ఒకరికి పాకిందే తప్ప ఎక్కడా రాసి పెట్టి లేదు. ఇక్కడ చెప్పేది ఒకే తల్లికి ఆమె కుట్టిన మూడు జాకెట్ల గురించి. పెద్ద బిడ్డ ప్రధానానికి (నిశ్చితార్థానికి) ఒకటి, అదే బిడ్డ పెళ్ళికి ఒకటి, మనవడిని మందిరంలో ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠించిన ఆదివారానికి ఒకటి.

ఆ తల్లికి కుడి రొమ్ము తీసేశారు. తర్వాత రోగం వెన్నెముకకు పాకింది, ఇప్పుడు మందులతో అదుపులో ఉంది. ప్రతి వేడుకకూ ఆమె అడిగింది ఒక్కటే: "దేవుడు ఈ దినం సూపిచ్చిండు. కూసోని కాదు, నిలబడి చేతులెత్తి స్తోత్రం చెప్పాలె." దర్జీ ఆ మాటను కొలతగా తీసుకుంది. ట్రయల్ వేసినప్పుడు అద్దం ముందు నిలబెట్టి చూసి సరిపుచ్చదు. రెండు చేతులు ఎత్తిస్తుంది, మోకరించి లేవమంటుంది, తల వంచి ప్రార్థన చేసినట్టు ముందుకు వంగమంటుంది. ఈ మూడింటిలో జాకెట్టు పైకి జరిగినా, తీసేసిన రొమ్ము చోట లోపల పెట్టుకునే అచ్చు పక్కకు పోయినా, మెడ దగ్గర గుడ్డ తెరుచుకున్నా మళ్ళీ విప్పుతుంది.

ఆది జాకెట్టు ఇస్తే ఆమె పక్కన పెట్టేస్తుంది. చాలామంది దర్జీలు చేసే పొరపాటు అక్కడే. ఆపరేషన్‌కు ముందున్న ఆది జాకెట్టు రెండు వైపులూ ఒకే కొలత మీద ఉంటుంది. రొమ్ముతో పాటు చంకలోని లింఫు గ్రంథులు కూడా తీసినవాళ్ళకు చాలాసార్లు భుజం కింద, చంక ముందు గుంట పడుతుంది. లోపల అచ్చు పెట్టుకున్నా ఆ గుంట నిండదు. పాత కొలతతో కోస్తే గుడ్డ అక్కడ ముడత పడి, చంక దగ్గర నోరు తెరుచుకుంటుంది. అందుకే ఆమె మధ్య గీత నుంచి ఎడమకు వేరుగా, కుడికి వేరుగా టేపు పెడుతుంది. ఈ తల్లికి మధ్య నుంచి చంక దాకా ఎడమ ఆరున్నర ఇంచులు వస్తే కుడి ఐదున్నరే వచ్చింది. కొలతలన్నీ అచ్చు లోపల పెట్టుకున్నాకే తీసింది. ఒంటి తీరుకు గుడ్డ మడిచి కుట్టే డార్టులు కూడా రెండు వైపులా ఒక తీరుగా ఉండవు. కుడి వైపు ఒకటి తగ్గించి, గుంట మీద లైనింగ్‌కు పలచని దూది పొర వేసింది.

మొదటి జాకెట్టు నాటికి కీమో నడుస్తున్నది. కీమో మందు ఎక్కించడానికి చర్మం కింద అమర్చే పోర్టును మామూలుగా రోగం లేని వైపు పెడతారు. కుడి వైపు రోగమైతే పోర్టు ఎడమ కాలరు ఎముక కింద ఉంటుంది. మన చీర కొంగు కూడా ఎడమ భుజం మీదనే కదా. కుచ్చులన్నీ కలిపి పెట్టే పిన్నీసు నేరుగా పోర్టు దాపునకే వస్తుంది. అది గుచ్చుకున్నా, ఊరికే ఒరుసుకున్నా చర్మం పుండవుతుంది. కీమోలో తెల్ల రక్తకణాలు తగ్గిన రోజుల్లో చిన్న పుండే జ్వరం దాకా తెస్తుంది. దర్జీ భుజం కుట్టులోనే అరంగుళం వెడల్పు గుడ్డ పట్టీ ఒకటి వేసి, దానికి టిచ్ బటన్ పెట్టింది. కుచ్చులు ఆ పట్టీ కింద దూరి నిలుస్తాయి, పిన్నీసు అక్కరలేదు. మూడు జాకెట్లలో మాకు బాగా నచ్చిన పని ఇదే. కీమోలో ఉన్నా లేకపోయినా ఏ జాకెట్టుకైనా పెట్టించుకోవచ్చు.

అచ్చు విషయం. ఆపరేషన్ అయిన కొత్తలో గాయం పూర్తిగా మానే దాకా బరువైన సిలికాన్ అచ్చు పెట్టకూడదు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమంటారు, డాక్టరు సరేనన్నాకే. అప్పటిదాకా దూది, ఫైబర్ నింపిన మెత్తని గుడ్డ అచ్చు వాడతారు. అది తేలిక కాబట్టి చెయ్యి ఎత్తగానే పైకి లేస్తుంది. దానికి అడుగున చిన్న సంచీలో గాజు పూసలు కుట్టి బరువు పెట్టాలి. ఇంట్లో కొందరు ఆవాలు పోస్తారు, అది వద్దు. ఉతకలేరు, చెమట తడికి బూజు పడతాయి. పాలమూరు ఎండల్లో చెమట మాట చెప్పాలా.

ఈమె అచ్చును జాకెట్టుకే కుట్టేయదు, దానికి జేబు పెడుతుంది. జేబు గుడ్డ మల్మల్, అదీ లైనింగ్‌కే కుడుతుంది, పై గుడ్డకు కాదు. పై గుడ్డకు కుడితే అచ్చు బరువుకు బయట కుట్టు గీత తేలుతుంది. జేబు నోరు చంక వైపు, నాలుగు ఇంచులు, ఒక అంచు మీద ఇంకొక అంచు కప్పుకునేలా. కింద ఇంచు వెడల్పు పట్టీ ఉంటుంది, బరువంతా దాని మీద ఆగుతుంది. మెడ లోతు ముందు ఐదున్నర ఇంచులు దాటనివ్వదు, దాటితే వంగినప్పుడు అచ్చు అంచు కనిపిస్తుంది. ఒక వైపు బరువు లేకుండా నెలల తరబడి తిరిగితే కొందరికి భుజాలు వంకరగా నిలిచి మెడ, నడుము పట్టేయవచ్చు. కాబట్టి ఈ జేబు అందం కోసమే అనుకోవద్దు.

అదే లైనింగ్‌లో మిగిలిన మల్మల్‌తో తలకు టోపీ కుట్టి ఇచ్చింది, డబ్బు తీసుకోలేదు. ప్రార్థనలో కొంగు తల మీద కప్పుకోవాలి. జుట్టు లేని తల మీద పట్టు కొంగు నిలవదు, జారుతుంది. కింద నూలు టోపీ ఉంటే పట్టు దాన్ని పట్టుకుంటుంది. టోపీ కుట్లు బయటికి తిప్పి వేసింది. లోపలికి వేస్తే కీమో తల చర్మానికి ఆ దారం కూడా గరుకే. కుట్లు కొంగు చాటున ఉంటాయి, ఎవరికీ కనబడవు.

రెండో జాకెట్టు పెళ్ళిది. గద్వాల చీర మీదికి. గద్వాల చీర ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, కాబట్టి నిండు పట్టు చీర కంటే ఒంటి మీద తేలిక. మందిరంలో రెండు గంటలు నిలబడే తల్లికి ఇది మంచి ఎంపిక. చిక్కు చేతుల దగ్గర వచ్చింది. జాకెట్టు పీసులోని పట్టు అంచును చేతుల చివర వేయడం అలవాటు. జరీ అంచు సాగదు. అప్పటికి రేడియేషన్ కూడా అయ్యి కుడి చెయ్యి నీరు పట్టడం మొదలైంది. ఆ చేతికి బిగుతు గుడ్డ కడియంలా పట్టుకుంటే వాపు పెరుగుతుంది. దర్జీ రెండు చేతులనూ మూడు చోట్ల కొలిచింది, మణికట్టు పైన, మోచేతి కింద, మోచేతి పైన. ఒక చోట రెండు సెంటీమీటర్ల పైనే తేడా చూసి కత్తెర పక్కన పెట్టింది: "అక్కా, ముందుగాల డాక్టరుకు సూపియ్యున్రి. జాకెట్టు యాడికి పోతది?" రెండు సెంటీమీటర్ల తేడాను వాపు గుర్తుగా ఆసుపత్రుల్లో కూడా చూస్తారు. చెయ్యంతా సమంగా నొక్కి వాపును అదుపులో ఉంచే ఒత్తిడి స్లీవ్‌ను డాక్టరు రాసి ఇచ్చాక, ఆ స్లీవ్ తొడిగించి మళ్ళీ కొలిచింది. మోచేతి దాకా చేతులు, అంచు దగ్గర ఇంచున్నర చీలిక, చీలికకు వదులు లూపు, చంక కింద నాలుగు మూలల పీసు ఒకటి. ఆ పీసు లేకపోతే చెయ్యి ఎత్తినప్పుడు జాకెట్టు మొత్తం పైకి లాగుకుంటుంది.

మగ్గం వర్కు కావాలని బిడ్డలు అడిగారు. రేడియేషన్ తగిలిన వైపు రాళ్ళూ జరీ పెట్టనని దర్జీ ఖచ్చితంగా చెప్పింది. ఆ చర్మం పైకి మానినట్టు కనబడినా తొందరగా గీసుకుపోతుంది. వీపు మీద, ఎడమ చేతి మీద మాత్రం సన్నగా వేయించారు. మందిరంలో వెనక కూర్చున్నవాళ్ళకు కనిపించేది వీపే కదా.

మూడోది నారాయణపేట నూలు చీర మీదికి. ఆపాటికి వెన్నులో నొప్పి ఉంది, పాత కీమో వల్ల వేళ్ళ కొనలు తిమ్మిరి. వెనక హుక్కులు అందవు, ముందు హుక్కులు పట్టు దొరకవు. టిచ్ బటన్లు కూడా గట్టిగా నొక్కాలి. కాబట్టి ముందు తెరుచుకునేలా కుట్టి, పైకి ఉత్తుత్తి హుక్కుల వరుస చూపించి, లోపల వెడల్పు వెల్క్రో పెట్టింది. తొడగడానికి రెండో మనిషి అక్కర లేదు. మనవడిని ఎత్తుకుంటే పిల్లవాడి చెంపకు తగలకుండా వెల్క్రో గరుకు ముఖం ఒంటి వైపూ కాదు, బయటి వైపూ కాదు, రెండు పొరల మధ్య ఉంది. ఆ ఆదివారం పాస్టరు అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ పిల్లవాడు ఆమె ఎడమ భుజం మీదే ఉన్నాడు.

లోపాలు కూడా చెప్పాలి. ఈ మూడో జాకెట్టుకే లైనింగ్ తడిపి ఆరబెట్టకుండా కోసినట్టుంది. మొదటి ఉతుకుకే జేబు కుంచించుకుపోయి అచ్చు దూరలేదు. తీసుకెళ్తే డబ్బు లేకుండా జేబు మార్చింది గానీ ఐదు రోజులు పట్టింది. లైనింగ్ మీరే కొని, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టి ఇవ్వడం మేలు. బట్టలు మార్చుకోవడానికి గది లేదు, తెర ఒక్కటే. తెర తీయగానే నిలువుటద్దం ఎదురుగా ఉంటుంది. ఆపరేషన్ తర్వాత తమను తాము ఇంకా చూసుకోనివాళ్ళు ఉంటారు. అడిగితే దుప్పటి కప్పుతుంది, కానీ అడగకుండానే కప్పాలి. అచ్చులు ఆమె దగ్గర దొరకవు, హైదరాబాదులో కొని తెచ్చుకోవాలి.

ధర లైనింగ్ జాకెట్టుకు 450 రూపాయలు, జేబుకు 150, చంక పీసుకూ చీలికకూ కలిపి 100. బయట మామూలు జాకెట్టు ధరలు చూస్తే ఎక్కువ కాదు. డిసెంబరులోనూ, పెళ్ళిళ్ళ మే నెలలోనూ ఆలస్యం తప్పదు, ఇరవై ఐదు రోజుల ముందే ఇవ్వండి.

కీమో నడుస్తుంటే తేదీలు చూసుకోవాలి. మూడు వారాలకోసారి ఎక్కించే మందైతే సుమారు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా రక్తకణాలు బాగా తగ్గుతాయి. ఆ రోజుల్లో జనం మసిలే గదికి పోవద్దు. మూడో వారంలో, తర్వాతి మందుకు ముందు, కొలతలకు వెళ్ళాలి. వీలైతే వేడుకనే ఆ వారంలో పెట్టుకోవాలి. మందుతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల ఒళ్ళు ఉబ్బుతుంది, మళ్ళీ తగ్గుతుంది. అందుకే చివరి ట్రయల్ వేడుకకు మూడు రోజుల ముందు వేయించుకోండి. వెళ్ళేటప్పుడు ఆ రోజు పెట్టుకోబోయే అచ్చు, ఒత్తిడి స్లీవ్, చీర, మూడూ వెంట ఉండాలి. చీర లేకుండా భుజం పట్టీ ఎక్కడ వేయాలో తేలదు.

ప్రతి జాకెట్టులోనూ ఆమె పక్క కుట్ల లోపల ఇంచున్నర గుడ్డ వదులుతుంది, రెండు వైపులా. మూడో జాకెట్టుకూ వదిలింది. చిన్న కొడుకు ప్రధానం వచ్చే ఏడు ఉంది, అప్పటికి ఒళ్ళు ఎట్లున్నా ఇదే జాకెట్టు విప్పి సరిచేస్తానని రసీదు వెనక రాసి ఇచ్చింది.